ఇంటికి సీసీ కెమెరా: పోల్చే పద్ధతి, పరీక్షించే పద్ధతి

ఇంటి ముందు కెమెరా పెట్టించాలనుకున్నవారు సాధారణంగా రెండు మూడు మోడళ్ల ధరలనూ, పెట్టెల మీద అచ్చేసిన మెగాపిక్సెళ్లనూ పక్కపక్కన పెట్టి చూసి, పెద్ద అంకె ఉన్నదాన్ని తీసుకుంటారు. ఇంట్లో దొంగతనం జరిగితే మాత్రం అవసరపడేవి రెండే: వచ్చిన మనిషి ముఖం ఆనవాలు పట్టేలా ఉండడం, బండి నంబరు చదవగలగడం. ఈ రెండింటినీ మీ గేటు దగ్గర, మీ వీధిలో ఉండే వెలుతురులో, రాత్రిపూట పరీక్షించి చూశాకే ఏ కెమెరానైనా మంచిదని నమ్మాలి.

ముందుగా టేపు తీసుకుని, కెమెరా బిగించదలచిన చోటి నుంచి గేటు దాకా దూరం కొలవండి. ఒక మీటరు వెడల్పు గల దృశ్యానికి ఎన్ని పిక్సెళ్లు, అంటే చిత్రాన్ని కూర్చే చుక్కలు, దక్కుతున్నాయన్నదే అసలు కొలమానం. ఐఈసీ 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం 2014 కూర్పు ప్రకారం, ఎవరో మనిషి ఉన్నాడని పసిగట్టడానికి మీటరుకు 25 పిక్సెళ్లు చాలు. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125, కొత్త మనిషి ముఖాన్ని అనుమానం లేకుండా గుర్తించడానికి 250 కావాలి. దృశ్యకోణం 90 డిగ్రీలు ఉన్న కెమెరాకు, ఎంత దూరంలో చూస్తే దానికి రెట్టింపు వెడల్పు కనిపిస్తుంది. ఈ లెక్కన 1920 పిక్సెళ్ల వెడల్పున్న 2 మెగాపిక్సెల్ కెమెరా కొత్త ముఖాన్ని గుర్తించగల దూరం సుమారు 3.8 మీటర్లు, అంటే పన్నెండున్నర అడుగులు మాత్రమే. 4 మెగాపిక్సెళ్లకు వెళ్తే అది 5.1 మీటర్లకు, 8 మెగాపిక్సెళ్లకు వెళ్తే 7.7 మీటర్లకు పెరుగుతుంది. అదే 2 మెగాపిక్సెల్ కెమెరాను 50 డిగ్రీల ఇరుకు లెన్సుతో తీసుకుంటే 8 మీటర్లు దాటి చూపగలదు. ఇవి పగటి వెలుతురులో, లెన్సు శుభ్రంగా ఉన్నప్పుడు వర్తించే లెక్కలని గుర్తుంచుకోవాలి. అందుకే ఇల్లంతా ఒక్క వెడల్పాటి కెమెరాలో చూడాలన్న ఆశ మానుకుని, గేటు మీదికి ఒక ఇరుకు లెన్సు, వాకిలి మొత్తానికి ఒక వెడల్పాటి లెన్సు పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

ఎత్తు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఎవరికీ అందకూడదని పన్నెండు అడుగుల పైన బిగిస్తే, దగ్గరికి వచ్చిన మనిషి నడినెత్తి, టోపీ తప్ప ముఖం పడదు. ముఖం కోసం పెట్టే కెమెరాకు ఏడెనిమిది అడుగుల ఎత్తు సరిపోతుంది.

ఇక పరీక్ష. పోల్చదలచిన రెండు కెమెరాలనూ గోడకు రంధ్రాలు వేయకుండా, ఒకే ఎత్తులో పక్కపక్కన తాత్కాలికంగా నిలిపి, ఒకే రాత్రి, ఒకే సమయంలో రికార్డు చేయండి. ఒకటి ఈ రోజు, మరొకటి రేపు పెడితే వెలుతురు మారిపోయి పోలికకు విలువ ఉండదు. ఇంట్లో ఒకరిని గేటు దగ్గర కాసేపు నిలబడమని, తర్వాత మామూలుగా నడిచి రమ్మని, ఆ తర్వాత వడివడిగా దాటిపొమ్మని చెప్పండి. కదలకుండా నిలబడ్డ మనిషి చాలా కెమెరాల్లో స్పష్టంగానే కనిపిస్తాడు కాబట్టి దాన్ని చూసి మురిసిపోకూడదు. చీకట్లో కెమెరా తన షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. సెకనుకు మీటరున్నర వేగంతో నడిచే మనిషి, సెకనులో ఇరవై అయిదో వంతు కాలంలోనే 6 సెంటీమీటర్లు జరిగిపోతాడు, ముఖం అంతమేరా అలుక్కుపోతుంది. కాబట్టి ఫుటేజీని ఒక్కొక్క ఫ్రేమూ ఆపి చూసి, నడుస్తున్న మనిషి కళ్లూ ముక్కూ విడివిడిగా తెలుస్తున్న ఫ్రేము ఒక్కటైనా ఉందో లేదో తేల్చండి. ఫోను చిన్న తెరలో ప్రత్యక్షంగా కనిపించే దృశ్యాన్ని బట్టి కాక, కెమెరా మెమరీ కార్డులో నమోదైన ఫైలును పెద్ద తెర మీద చూసి నిర్ణయించండి.

ఇదే పరీక్షను వీధి దీపం వెలుగుతున్నప్పుడు, మన దీపాలన్నీ ఆర్పేసినప్పుడు, ఎదురుగా ద్విచక్ర వాహనం హెడ్‌లైటు వేసినప్పుడు మళ్లీ చేయాలి. చీకట్లో చూడడానికి కెమెరాలో అమర్చే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) దీపాల్లో 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవి కాస్త ఎర్రగా కనిపిస్తాయి, దూరం చూపుతాయి. 940 నానోమీటర్లవి కంటికి కనిపించవు గానీ అంత దూరం పోవు. కెమెరా పక్కనే తెల్లటి గోడో సన్‌షేడో ఉంటే ఆ కాంతి తిరిగి లెన్సులో పడి దృశ్యమంతా పాలిపోతుంది. వానాకాలంలో లెన్సు ముందు ఎగిరే పురుగులు, దాని చుట్టూ అల్లుకునే సాలెగూళ్లు చేసేదీ ఇదే. కాంతిని వెనక్కి తిప్పికొట్టే పూత ఉండడం వల్ల వాహనాల హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు కూడా పరారుణ కాంతిలో తెల్లగా వెలిగిపోయి అంకెలు కనిపించకపోవచ్చు. మీ బండినే గేటు ముందు నిలిపి చూసుకోండి.

కదలికను పసిగట్టి ఫోనుకు కబురు పంపే పనిని కనీసం ఒక పూర్తి పగలూ రాత్రీ గమనించాలి. చిత్రంలో మార్పును బట్టి పనిచేసే కెమెరా, కొమ్మ ఊగినా నీడ జరిగినా ఫోను మోగించవచ్చు. శరీరపు వేడిని గ్రహించే సెన్సారు, అడ్డంగా దాటిపోయే మనిషిని పట్టినంత బాగా నేరుగా ఎదురు వచ్చే మనిషిని పట్టదు. అందుచేత రెండు దిక్కుల్లోనూ నడిచి చూడాలి. బ్యాటరీతో నడిచే రకాల్లో చాలావరకు కదలిక వచ్చాకే మేల్కొంటాయి కనుక, మొదటి ఫ్రేములోనే మనిషి ఉన్నాడా, లేక వెళ్లిపోతున్న వీపు మాత్రమే దక్కిందా అన్నది చూడండి. అనవసరంగా మోగే కెమెరా కూడా ప్రమాదకరమే, ఎందుకంటే విసిగిన ఇంటివారు చివరికి ఆ కబుర్లను ఆపేస్తారు.

నిల్వ విషయానికి వస్తే, సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నిరంతరం రికార్డు చేసే కెమెరా రోజుకు సుమారు 21.6 జీబీ నింపుతుంది. 128 జీబీ కార్డు ఆరు రోజులు కూడా నిలవకుండా పాతదాని మీద కొత్తది రాయడం మొదలుపెడుతుంది. పండక్కి వారం పది రోజులు ఊరెళ్లేవారు ఈ లెక్క తప్పక వేసుకోవాలి. తర్వాత రౌటర్ ఆపి, ఇంటర్నెట్ లేకపోయినా కార్డులో రికార్డవుతోందో లేదో చూడండి. ఆపైన కరెంటు తీసి మళ్లీ ఇచ్చి, కెమెరా తనంతట తానే మొదలైందా, దాని గడియారం సరైన తేదీ, సమయం చూపిస్తోందా అని పరిశీలించండి; తప్పు సమయం పడిన ఫుటేజీ దర్యాప్తులో లేనిపోని చిక్కులు తెస్తుంది. కోర్టులో సాక్ష్యాలకు వర్తించే చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువీకరణ పత్రం జోడించాల్సి ఉంటుంది కాబట్టి, ఏదైనా సంఘటన జరిగితే తెర మీది దృశ్యాన్ని మరో ఫోనుతో తీసి పంచుకోవడంతో సరిపెట్టక, అసలు ఫైలునూ కార్డునూ భద్రపరచండి. అందుకే ఫైలును కెమెరా నుంచి బయటికి తీసే దారి సులువుగా ఉందో లేదో పరీక్షలోనే చూసుకోవాలి.

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (పరికరాల్లోకి చొరబడే హానికర ప్రోగ్రాం), కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చని కెమెరాలనూ రౌటర్లనూ లక్షల్లో వశపరచుకుంది. మొదటిసారి ఆన్ చేయగానే కొత్త పాస్‌వర్డు పెట్టమని పట్టుబట్టని కెమెరాను నేనైతే అక్కడికక్కడే పక్కన పెడతాను. మన దేశంలో సీసీ కెమెరాలకు భద్రతాపరమైన తప్పనిసరి పరీక్షలు 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చాయి. దుకాణంలో పాత సరుకు కూడా ఉండవచ్చు కాబట్టి, మీరు తీసుకునే మోడల్ ఆ నిబంధన కింద నమోదైందేనా అని అడగండి. పక్కింటి కిటికీ గానీ పెరడు గానీ దృశ్యంలో పడుతుంటే, ఆ భాగాన్ని నల్లగా కప్పేసే ప్రైవసీ మాస్క్ సదుపాయం ఉందో లేదో కూడా చూడాలి, ఉంటే తప్పక వాడాలి.

ఈ పరీక్షలన్నీ తిరిగి ఇచ్చే గడువు లోపల ముగిసేలా, పెట్టెలూ బిల్లూ జాగ్రత్తగా ఉంచుకుని మొదలుపెట్టండి. ఎంచుకున్న కెమెరాను గోడకు శాశ్వతంగా బిగించిన రాత్రి గేటు దగ్గర నడక పరీక్షను మరోసారి చేసి, ముఖం స్పష్టంగా వచ్చిన ఫ్రేమును దాచుకుంటే, నెలలు గడిచాక లెన్సు మసకబారిందా, కోణం పక్కకు తిరిగిందా అన్నది దానితో పోల్చి చూసుకోవచ్చు.