కొత్త గేమ్ వచ్చే వారం: గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చే ముందు జాగ్రత్తలు

పెద్ద గేమ్ విడుదలకు ఒకటి రెండు రోజుల ముందో, అదే రోజో దాని కోసం కొత్త డ్రైవర్ (గ్రాఫిక్స్ కార్డును విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) కూడా దిగుతుంది. ఒక పక్క గేమ్ డౌన్‌లోడ్ అవుతుంటే ఇంకో పక్క డ్రైవర్ ఎక్కించేసి, అర్ధరాత్రి నల్ల స్క్రీన్ ముందు కూర్చునేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు. డ్రైవర్ చెడ్డదైనా పెద్ద నష్టం లేదు. పాతదానికి తిరిగి వెళ్ళే దారి లేకపోతేనే చిక్కు. అందుకే తిరిగి వెళ్ళే ఏర్పాట్లు విడుదలకు రెండు రోజుల ముందే చేసుకోవాలి.

అన్నిటికన్నా ముందు, ఇప్పుడు బాగా నడుస్తున్న డ్రైవర్ నంబరు రాసి పెట్టుకోండి. డివైస్ మేనేజర్‌లో అది వేరే రూపంలో కనిపిస్తుంది. ఎన్విడియా కార్డుకి 32.0.15.6094 అని ఉంటే చివరి ఐదు అంకెలు తీసుకుని, వాటిలో ఆఖరి రెండంకెల ముందు చుక్క పెట్టండి: 560.94. అదే అసలు నంబరు. ఏఎండీకి ఈ లెక్క పనిచేయదు, దాని సొంత యాప్ అడ్రినలిన్ తెరిచి చూడాల్సిందే. నంబరు తెలిశాక ఆ వెర్షన్ ఇన్‌స్టాలర్‌ను కంపెనీ సైటు నుంచి దింపి డిస్కులో ఉంచుకోండి. డివైస్ మేనేజర్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' బటన్ ఉందిలే అని ధీమాగా ఉండొద్దు. పాత డ్రైవర్ ఫైళ్ళు విండోస్ దగ్గర మిగిలి ఉంటేనే అది పనిచేస్తుంది. పూర్తిగా తుడిచి వేసుకున్నాక అది బూడిద రంగులో పడి ఉంటుంది.

అసలు మార్చాలా? ఆడే గేములన్నీ సాఫీగా నడుస్తుంటే అక్కర్లేదు. కొత్త గేముకి ప్రత్యేకంగా సపోర్ట్ వచ్చినా, మిమ్మల్ని వేధిస్తున్న లోపం 'ఫిక్స్‌డ్' జాబితాలో ఉన్నా, భద్రతా లోపం సరిచేసినా మార్చండి. రిలీజ్ నోట్స్‌లో తెలిసిన సమస్యల భాగం చదవడానికి రెండు నిమిషాలు చాలు. ఏఎండీలో 'ఆప్షనల్', 'రికమెండెడ్' అని రెండు రకాలుంటాయి. కొత్త గేమ్ కోసం కాకపోతే రెండోదే మంచిది. 2010 మార్చిలో ఎన్విడియా 196.75 డ్రైవర్‌ను వెనక్కి తీసుకుంది, ఫ్యాన్ వేగం అదుపు తప్పి కార్డులు వేడెక్కుతున్నాయన్న ఫిర్యాదుల మీద. అలాంటివి అరుదే గానీ, మొదటి రోజే వేసుకోకుండా రెండు రోజులు ఆగితే పోయేదేమీ లేదు.

కార్డు వయసు కూడా చూసుకోండి. జీటీఎక్స్ 900, 10 సిరీస్‌లకు కొత్త గేముల కోసం తెచ్చే డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగాయి. ఇకపై వచ్చేవి భద్రతా సవరణలే. కార్డుకే ఆ సత్తా లేకపోతే కొన్ని గేములకు డ్రైవర్ ఏదైనా ఒకటే. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్‌కు రే ట్రేసింగ్ (కాంతి దారిని లెక్కగట్టి బొమ్మ గీయడం) హార్డ్‌వేర్ తప్పనిసరి, ఎన్విడియాలో కనీసం ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ అడిగారు. విండోస్‌లోనే ఉండే డీఎక్స్‌డయాగ్ (dxdiag) టూల్‌లో 'డైరెక్ట్‌ఎక్స్ 12' అని కనిపించగానే సంబరపడొద్దు, అది విండోస్ సంగతి. కార్డు సంగతి తెలియాలంటే డిస్‌ప్లే ట్యాబ్‌లో 'ఫీచర్ లెవెల్స్' వరుస చూడాలి. అక్కడ 12_1 దగ్గరే ఆగిపోతే, 12_2 అడిగే గేమ్ కొనకండి.

ఇక పాత డ్రైవర్‌ను తుడిచి కొత్తది వేయడం. ప్రతి అప్‌డేట్‌కీ డీడీయూ (డ్రైవర్‌ను ఆనవాళ్ళు లేకుండా తుడిచే 'డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్') నడపమని చెప్పేవాళ్ళున్నారు, అంత అవసరం లేదు. ఎన్విడియా ఇన్‌స్టాలర్‌లో 'కస్టమ్' ఎంచుకుని 'క్లీన్ ఇన్‌స్టాలేషన్' టిక్ పెడితే మామూలుగా సరిపోతుంది. ఏఎండీలో అదే పని 'ఫ్యాక్టరీ రీసెట్' చేస్తుంది. ఒక కంపెనీ కార్డు తీసి ఇంకో కంపెనీ కార్డు పెడుతున్నప్పుడు, లేదా ఇన్‌స్టాల్ మధ్యలోనే ఆగిపోతున్నప్పుడు డీడీయూ వాడండి.

డీడీయూకి సేఫ్ మోడ్ (కనీస డ్రైవర్లతోనే విండోస్ తెరుచుకునే పద్ధతి) కావాలి. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. డిస్కుకి బిట్‌లాకర్ (విండోస్ వేసే గుప్త తాళం) ఉంటే, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళేటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో ముందే చూసి, కాగితం మీద రాసుకోండి. ఆ పీసీ లోపలే ఫైలుగా దాచుకుంటే ఇంట్లో తాళం చెవి పెట్టి తలుపేసుకున్నట్టే. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు కాబట్టి ఖాతా అసలు పాస్‌వర్డ్ కూడా గుర్తుండాలి. కొత్త ఇన్‌స్టాలర్, పాత ఇన్‌స్టాలర్, డీడీయూ మూడూ డిస్కులో ఉన్నాయని చూసుకుని, రీస్టోర్ పాయింట్ (విండోస్‌ను ఇప్పటి స్థితికి తిరిగి తెచ్చే గుర్తు) పెట్టి, అప్పుడు నెట్ తీసేయండి. లాన్ కేబుల్ అయితే ఊడదీయండి. నెట్ ఉంటే పాత డ్రైవర్ పోగానే విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్నదేదో తెచ్చి వేసేస్తుంది, మీరు వేసేది దాని మీద పడి గందరగోళమవుతుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్ళి 4 నొక్కండి. 5 నొక్కితే నెట్‌తో సహా వస్తుంది, అది వద్దు. డీడీయూలో 'క్లీన్ అండ్ రీస్టార్ట్' ఇచ్చి, మామూలు విండోస్‌లోకి వచ్చాక కొత్తది వేసి, ఆఖరున నెట్ పెట్టండి.

డ్రైవర్ ఎక్కుతున్నప్పుడు స్క్రీన్ ఒకటి రెండు సార్లు నల్లబడుతుంది. కంగారుపడి పవర్ బటన్ నొక్కొద్దు. ఐదారు నిమిషాలైనా బొమ్మ రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, డిస్‌ప్లే డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది. అప్పటికీ రాకపోతే, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉన్నవాళ్ళు మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకి మార్చి చూడవచ్చు.

వేసిన వెంటనే గేమ్ తెరిచి 'కొత్త డ్రైవర్ చెత్త' అని తీర్పు చెప్పేయకండి. షేడర్లంటే బొమ్మ గీయడానికి కార్డు నడిపే చిన్న ప్రోగ్రాములు; డ్రైవర్ మారితే వాటిని దాచి ఉంచిన పాత క్యాష్ చెల్లదు, గేమ్ షేడర్లన్నీ మళ్ళీ కంపైల్ చేసుకోవాలి. మొదటి అరగంట కుదుపులకు చాలాసార్లు అదే కారణం. మెనూలో షేడర్ల శాతం కనిపిస్తుంటే 100 అయ్యేదాకా ఆగండి. ఓవర్‌క్లాక్ (వేగం పెంచడం), అండర్‌వోల్ట్ (వోల్టేజీ తగ్గించడం) రెండూ తీసేసి ఫ్యాక్టరీ సెట్టింగ్‌తో ఆడి చూడండి. పాత డ్రైవర్‌తో నిలబడిన అండర్‌వోల్ట్ కొత్త గేముకి నిలబడకపోవచ్చు.

కార్డు 2 సెకన్లపాటు జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను రీసెట్ చేస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరు కనిపించేది అప్పుడే. విండోస్ రిజిస్ట్రీలో ఆ 2 సెకన్ల గడువును, అంటే 'టీడీఆర్ డిలే'ను, పెంచమన్న సలహా అక్కడక్కడా వినిపిస్తుంది. దానితో కార్డు జవాబివ్వకపోవడం తగ్గదు, స్క్రీన్ ఇంకాసేపు బిగుసుకుపోతుంది, అంతే.

డ్రైవర్ మీదకి అన్యాయంగా నింద పోయే సందర్భం ఒకటుంది. అన్‌రియల్ ఇంజిన్ మీద తయారైన గేమ్ షేడర్లు కంపైల్ చేస్తూ 'అవుట్ ఆఫ్ వీడియో మెమరీ' అని మూతపడుతుంది. కార్డులో 24 జీబీ ఉన్నా అదే మాట. పీసీలో ఉన్నది 13 లేదా 14వ తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ఐ7, ఐ9 అయితే ముందు ప్రాసెసర్‌నే అనుమానించండి. ఎక్కువ వోల్టేజీకి దెబ్బతిన్న చిప్ ఫైళ్ళు విప్పడంలో తప్పు చేస్తుంది, గేమ్ దాన్ని మెమరీ లోపంగా చెబుతుంది. బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే పెర్ఫార్మెన్స్ కోర్ గుణకాన్ని 55 నుంచి 53కి దించి చూడండి. క్రాష్ ఆగితే దొంగ దొరికినట్టే. 0ఎక్స్12బి (0x12B) మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపలి సవరణ, ఉన్న బయాస్ 2024 చివర్లో వచ్చింది, అది వేసుకోండి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను మాత్రం అది బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే.

ఆన్‌లైన్ గేములాడేవాళ్ళు డ్రైవర్‌లో వచ్చే కొత్త స్విచ్‌లన్నీ ఆన్ చేసేయకండి. 2023 అక్టోబరులో ఏఎండీ 'యాంటీ-ల్యాగ్ ప్లస్' గేమ్ డీఎల్‌ఎల్ (ప్రోగ్రాము భాగాల ఫైలు) ఫంక్షన్లను దారి మళ్ళించడంతో, దాన్ని మోసంగా లెక్కగట్టి కౌంటర్-స్ట్రైక్ 2లో అది వాడినవాళ్ళ ఖాతాలు నిషేధంలో పడ్డాయి. ఏఎండీ ఆ డ్రైవర్‌ను తీసేసింది.

పాత గేముల దారి వేరు. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ 32-బిట్ CUDA (కార్డు మీద లెక్కలు నడిపే ఎన్విడియా వ్యవస్థ) సపోర్ట్‌ను వదిలేయడంతో 2025లో పాత ఫిజ్‌ఎక్స్ (వస్తువుల కదలికల లెక్క) గేములు ఉన్నట్టుండి నత్తనడక పట్టాయి. 2025 డిసెంబరు డ్రైవర్‌తో కొన్ని గేములకు ఆ సపోర్ట్ తిరిగి వచ్చింది, మిగతావి గేమ్ సెట్టింగుల్లో ఫిజ్‌ఎక్స్ ఆపేస్తే మళ్ళీ పరుగెడతాయి. డైరెక్ట్‌ఎక్స్ 9 గేమ్ కొత్త కార్డు మీద మొరాయిస్తే డీఎక్స్‌వీకే (డైరెక్ట్‌ఎక్స్ ఆదేశాలను వల్కన్‌లోకి మార్చే టూల్) పెట్టి చూడండి. అందులోని డీ3డీ9 డీఎల్‌ఎల్‌ను గేమ్ ఈఎక్స్‌ఈ పక్కన పెట్టాలి, సిస్టమ్32లో మాత్రం ఎప్పుడూ పడేయకూడదు. ఆ కాలపు గేములు దాదాపు అన్నీ 32-బిట్టే కాబట్టి, విండోస్ 64-బిట్ అయినా సరే, తీసుకోవాల్సింది ఎక్స్32 ఫోల్డర్‌లోని ఫైలు. పని కాకపోతే ఆ ఒక్క ఫైలు తీసేస్తే చాలు, గేమ్ ఎప్పటిలా ఉంటుంది.