వియత్నాంలో పీట మీద కూర్చుని తినడం ఎలా

హనోయ్‌లో మొదటి రోజు రాత్రి నేను చేసిన తప్పు మెనూ కార్డు ఉన్న చోటికి వెళ్లడం. ఏసీ, తెల్లటి టేబుల్ క్లాత్, నాలుగు భాషల్లో ఫొటోలతో సహా వందకు పైగా వంటకాలు. మూడు తెప్పించుకుంటే మూడూ ఒకేలా ఉన్నాయి. ఉసూరుమంటూ బయటికొచ్చి చూస్తే, ఎదురుగా ఫుట్‌పాత్ మీద ఒకావిడ పెద్ద గుండిగ ముందు కూర్చుని ఉంది. చుట్టూ నీలం ప్లాస్టిక్ పీటల మీద పాతికమంది. మెనూ లేదు. వచ్చి కూర్చుంటే చాలు, గిన్నె చేతికొచ్చేస్తోంది.

నాది బట్టల కంపెనీకి జిప్పులు, గుండీలు కొనిపెట్టే ఉద్యోగం. ఏడాదికి రెండుసార్లు వియత్నాం వెళ్లక తప్పదు. ఇప్పటికి 11 ట్రిప్పులయ్యాయి. ఇక్కడ చెప్పేవన్నీ ఆ పీటల మీద కూర్చుని, పక్కవాళ్లను చూసి నేర్చుకున్నవే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం ముందే చూసుకోండి, కొన్నిచోట్ల పీట జానెడు కన్నా పెద్ద ఎత్తేమీ ఉండదు.

ముందు షాపు ఎంచుకోవడం. ఒకే ఒక్క వంటకం పేరు బోర్డు మీద పెద్దగా రాసి, పక్కన ఓనరు పేరో వీధి నంబరో ఉంటే నిస్సంకోచంగా వెళ్లండి. పొద్దుట్నుంచి అదొక్కటే వండుతారు, గుండిగ ఖాళీ అయితే కట్టేస్తారు. అందుకే వేళ కూడా చూసుకోవాలి. ఫ అనే నూడుల్స్ సూప్ పొద్దున్నే తినాలి. కాల్చిన పంది మాంసంతో తినే నూడుల్స్, బున్ చా, మధ్యాహ్నం తిండి. హనోయ్‌లో రెండు దాటాక వెళ్తే చాలాచోట్ల బొగ్గులు ఆర్పేసి గిన్నెలు తోముకుంటూ కనిపిస్తారు. నేను రెండుసార్లు అలా ఆకలితో వెనక్కి వచ్చాను.

కూర్చున్నాక పిలవడం ఎలా? ఇది మనకు చాలా తేలిక. వాళ్లు కూడా ముక్కూమొహం తెలియని మనిషిని వరస పెట్టే పిలుస్తారు. మనకన్నా కాస్త పెద్దావిడ అయితే "చీ", అంటే అక్క. పెద్దవాడైతే "ఆన్", అన్న. అమ్మ వయసు ఆవిడైతే "కో", మేనత్త వరస. నాన్నకన్నా చిన్నవాడైతే "చూ", బాబాయ్. చిన్నవాళ్లు ఆడైనా మగైనా "ఎమ్". చివర "ఓయ్" తగిలిస్తే పిలుపు అయిపోయింది. "చీ ఓయ్!" అంటే అక్షరాలా మన "అక్కోయ్" అన్నట్టే. ఇంగ్లిష్‌లో హలో, ఎక్స్‌క్యూజ్ మీ అంటూ చెయ్యి ఊపే టూరిస్టుల కన్నా నాకు గిన్నె ముందొచ్చిన సందర్భాలు బోలెడు. ఒక్క జాగ్రత్త: ముప్ఫై ఏళ్లావిడని "కో" అంటే మొహం ఎలా మారుతుందో మీకు తెలుసు. అనుమానమొస్తే ఒక మెట్టు తగ్గించి "చీ" అనేయండి.

ఇక ఫ. దీన్ని మనవాళ్లు "ఫో" అంటారు, అలా అంటే అక్కడ ఎవరికీ అర్థం కాదు. "ఫ" అనే అక్షరాన్ని కాస్త సాగదీసి, చివర్లో "ఫఅ?" అని ప్రశ్న అడిగినట్టు గొంతు పైకి లేపాలి. నాకు సరిగ్గా రావడానికి మూడు ట్రిప్పులు పట్టింది. దాని వెనక వచ్చే మాట ఇంకా ముఖ్యం. "ఫ బో" అంటే గొడ్డుమాంసంతో, "ఫ గా" అంటే కోడితో. నేను గొడ్డుమాంసం తినను కాబట్టి నాకు "గా" అనే ఒక్క అక్షరం పాస్‌పోర్టు లాంటిది. ఒకే షాపులో రెండూ అమ్ముతుంటే రెండు గుండిగలు వేరుగా ఉన్నాయో లేదో కళ్లతో చూసుకుంటాను. కోడి మాత్రమే అమ్మే షాపులు కూడా హనోయ్‌లో చాలా ఉన్నాయి, అద్దాల బీరువాలో ఉడికించిన పసుప్పచ్చ కోళ్లు వేలాడుతుంటాయి. గొడ్డుమాంసం తినేవాళ్లకైతే ఇంకో ప్రశ్న ఎదురవుతుంది: "తాయ్" అంటే పచ్చి ముక్కలను పల్చగా కోసి మరిగే సూప్ పోసి ఇస్తారు, "చిన్" అంటే పూర్తిగా ఉడికినవి.

గిన్నె రాగానే సాసు సీసా అందుకోకండి. ముందు చెంచాతో సూప్ ఒక్కటే రెండుసార్లు తాగండి. ఎముకల్ని గంటలకొద్దీ కాచి, అల్లం, ఉల్లిపాయ నిప్పుల మీద కాల్చి వేసి, అనాసపువ్వు, దాల్చినచెక్క, నల్ల యాలక్కాయ పడేసి తయారుచేసిన నీళ్లవి. ఆ ఆవిడ వంట అక్కడితో అయిపోయింది. మిగతా సగం వంట టేబుల్ మీద మనం చేసుకోవాలి. ఈ సంగతి తెలియకే చాలామంది "చప్పగా ఉంది" అని మూతి ముడుచుకుని వెళ్లిపోతారు. నేనూ మొదటిసారి అలాగే అన్నాను.

హనోయ్‌లో ఆ సగానికి కావలసినవి తక్కువే. టేబుల్ మీద వెల్లుల్లి ముక్కలు నానేసిన వెనిగర్ సీసా, తరిగిన మిరపకాయలు, నిమ్మబద్దలు. వెనిగర్ ఒక చెంచా, మిరప రెండు ముక్కలు, అంతే. పక్కవాళ్లు పొడుగాటి వేయించిన పిండి కడ్డీలు ముంచుకుని తింటుంటారు, వాటిని "క్వేయ్" అంటారు. విడిగా అడగాలి, విడిగా డబ్బులు. సూప్ పీల్చుకుని మెత్తబడేదాకా ఆగకుండా, సగం కరకరలాడుతుండగానే నోట్లో పెట్టుకోవాలి.

దక్షిణాన ఉన్న సైగాన్‌కి, అంటే హో చి మిన్ సిటీకి వెళ్తే అదే ఫ మరో మనిషిలా కనిపిస్తుంది. 20వ శతాబ్దం మొదట్లో ఉత్తరాన పుట్టిన ఈ వంట, 1954లో దేశం రెండుగా చీలినప్పుడు లక్షలమందితో పాటు దక్షిణానికి నడిచింది. అక్కడి నాలుకకి తగ్గట్టు కాస్త తీపెక్కింది, పక్కన ఒక పళ్లెం నిండా ఆకులొచ్చాయి. ఆ పళ్లెం అలంకారం కోసం కాదు. తులసి వాసన వచ్చే ఆకు, రంపం అంచులున్న పొడుగాటి ఆకు, మొలకలు. ఆకుల్ని చేత్తో తుంచి, వేడి సూప్‌లోకి నొక్కాలి. కొత్త నీళ్లు పడితే పొట్ట పాడయ్యే మనుషులు పచ్చి ఆకుల్ని, మొలకల్ని మరుగుతున్న సూప్‌లో కాసేపు ముంచి తినడం మేలు. నల్లటి తీపి సాసు, ఎర్రటి మిరప సాసు ఉంటాయి కదా, వాటిని సూప్‌లో కుమ్మరించొద్దు. చిన్న సాసర్‌లో రెండూ పక్కపక్కన పోసుకుని ముక్కల్ని అద్దుకోండి. సూప్ సూప్‌లా ఉంటుంది. ఇది నా పట్టుదల మాత్రమే, కుమ్మరించుకునే సైగాన్ వాళ్లు కూడా బోలెడుమంది కనిపిస్తారు.

బున్ చా దగ్గర నేను నవ్వులపాలయ్యాను. పళ్లెంలో తెల్లటి సన్న నూడుల్స్, ఇంకో గిన్నెలో గోరువెచ్చటి తియ్యపుల్లని నీళ్లలో తేలుతున్న బొగ్గుల మీద కాల్చిన పంది మాంసం, పచ్చి బొప్పాయి ముక్కలు, ఒక బుట్టెడు ఆకులు. అన్నంలో సాంబారు పోసుకున్నట్టు ఆ గిన్నెని ఎత్తి నూడుల్స్ మీద బోర్లించాను. పళ్లెం అంచుల్లోంచి టేబుల్ మీదికి, టేబుల్ మీంచి నా ప్యాంటు మీదికి. వడ్డించే అమ్మాయి నవ్వాపుకుంటూ కొత్త గిన్నె తెచ్చి, నా చేతిలో చాప్‌స్టిక్స్ పట్టించి చూపించింది: కొద్దిగా నూడుల్స్ తీసి గిన్నెలో ముంచాలి, రెండు ఆకులు ముంచాలి, మాంసం ముక్కతో కలిపి తినాలి. నూడుల్సే గిన్నె దగ్గరికి వెళ్లాలి.

2016 మే నెలలో అమెరికా అధ్యక్షుడు ఒబామా, టీవీలో ఊరూరా తిని చూపించిన ఆంథోనీ బోర్డెయిన్ ఇద్దరూ హనోయ్‌లో హుయాంగ్ లియెన్ అనే షాపులో ఇలాగే స్టూళ్ల మీద కూర్చుని బున్ చా తిన్నారు. బిల్లు 6 డాలర్లు, బోర్డెయిన్ కట్టాడు. వాళ్లు తిన్న టేబుల్ చుట్టూ ఇప్పుడు అద్దాలు బిగించారు. నాకైతే అది నచ్చలేదు. ఎవరైనా కూర్చుని తినాల్సిన చోటది.

ఆ తియ్యపుల్లని నీళ్ల ప్రాణం చేపల సాసు. "నుక్ మమ్" అంటారు. సన్న చేపల్ని ఉప్పేసి పెద్ద పెద్ద చెక్క పీపాల్లో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం. ఫూ క్వోక్ దీవిలో చేసేదానికి 2012లో యూరోపియన్ యూనియన్ ప్రత్యేక గుర్తింపు కూడా వచ్చింది. సీసా మూత తీసి వాసన చూస్తే పారిపోతారు, కాబట్టి చూడకండి. నిమ్మరసం, పంచదార, నీళ్లు, వెల్లుల్లి, మిరపకాయ కలిశాక అదే మరోలా ఉంటుంది. దీనికి పదింతల గట్టిది "మమ్ తోమ్", ఊదా రంగు రొయ్యల ముద్ద. వేయించిన టోఫూతో, అంటే సోయా పాల పనీరుతో ఇస్తారు. నిమ్మరసం పిండి నురగ వచ్చేదాకా చాప్‌స్టిక్స్‌తో గిలక్కొట్టి తినాలి. ఎండు రొయ్యల ఇగురు తిని పెరిగిన నాకు రెండో ముద్దకే నచ్చింది. వద్దనుకుంటే మామూలు చేపల సాసు అడగొచ్చు, ఏమీ అనుకోరు.

చేత్తో తినే సరదా కావాలంటే బాన్ సెయో. పెనం మీద పిండి పడగానే మనకి చుయ్యిమని వినిపించేది వాళ్లకి "సెయో" అని వినిపించిందట, అదే పేరు. పసుపు రంగు చూసి ఆమ్లెట్ అనుకుంటారు గానీ అందులో గుడ్డు ఉండదు. బియ్యప్పిండి, పసుపు, కొన్నిచోట్ల కొబ్బరిపాలు. మధ్యలో రొయ్యలు, పంది మాంసం, మొలకలు పెట్టి మడిచేస్తారు. దీన్ని అట్టులా తుంచుకుని తినేస్తే సగం రుచి పోతుంది. అరచేతిలో పెద్ద ఆకు పరుచుకోండి. లేత ఆవాకు అయితే ఘాటుగా ఇంకా బాగుంటుంది. దాని మీద చిన్న ముక్క, రెండు వాసనాకులు పెట్టి, కిళ్లీలా బిగించి చుట్టి, సాసులో ముంచాలి. మొదటి మూడు విడిపోతాయి. కారణం ఎప్పుడూ ఒకటే, ఆశకొద్దీ ఎక్కువ కూరడం. ఆ ఆకుల్లో ఒకటి తమలపాకులా హృదయం ఆకారంలో ఉంటుంది. నలిపి వాసన చూడండి, పచ్చి చేప వాసన. చేప తినని వాళ్లు పళ్లెంలో చేప పడిందేమోనని కంగారుపడతారు. అది ఆకే.

చేప తినని వాళ్లంటే గుర్తొచ్చింది. ఒకసారి మా ఆడిటర్ గారు నాతో వచ్చారు, పూర్తి శాకాహారి. టమాటా గుజ్జులో టోఫూ చూసి సంబరంగా ఆర్డరిచ్చారు. కొరికితే లోపల పంది ఖైమా. పాపం, ఆ తర్వాత రెండు రోజులు అరటిపళ్లతో గడిపారు. తప్పు వండినవాళ్లది కాదు, అక్కడ టోఫూ అంటే శాకాహారం అని ఎవరూ అనుకోరు. మీరు వెతకాల్సింది "చాయ్" అనే బోర్డు. టీ కాదు, శాకాహారం. "అన్ చాయ్" అని చెప్తే బౌద్ధుల భోజనశాల చూపిస్తారు. అక్కడ చేపల సాసు కూడా వాడరు, సోయా సాసే. చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు, కాబట్టి మరీ ఛాందసుల ఇంట్లో పెద్దవాళ్లయినా తినొచ్చు. చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు, అంటే దాదాపు మన అమావాస్య, పౌర్ణమి నాడు, మామూలు జనం కూడా చాయ్ తింటారు. ఆ రెండు రోజులూ అవి కిటకిటలాడతాయి, కాస్త తొందరగా వెళ్లండి.

వేళ దాటిపోయి ఏదీ దొరక్కపోతే, మధ్యాహ్నం పూట అన్నం షాపులుంటాయి. అద్దం వెనక పదిరకాల కూరలు, వేలు పెట్టి చూపించడమే. సైగాన్‌లో నూకల అన్నం ఫేమస్, "కమ్ తమ్" అంటారు. కాల్చిన పంది ముక్క, గుడ్డు పెట్టి ఇస్తారు. చెంచా, ఫోర్కు ఇస్తారు కాబట్టి చాప్‌స్టిక్స్ టెన్షన్ లేదు. వేరే చోట అన్నం గిన్నెలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చి వదలకండి. చనిపోయినవాళ్ల ముందు అగరొత్తులు గుచ్చినట్టుంటుంది.

లేచే ముందు బిల్లు. "తీన్ తియెన్" అంటే లెక్క చెప్తారు. టిప్పు ఆశించరు. టేబుల్ మీద పెట్టిన తడి టిష్యూ ప్యాకెట్ ఉచితం కాదు, విప్పితే అక్కడి డబ్బులో 2,000 నుంచి 5,000 డాంగ్‌లు వేస్తారు. వేరుశనగల ప్లేటు కూడా అంతే. నేను ఒకసారి టిష్యూ దగ్గర గట్టిగా వాదించి, హోటల్‌కెళ్లి లెక్కేసుకుంటే పది రూపాయలు కూడా కాలేదు. సిగ్గేసింది.

అసలు జాగ్రత్త నోట్ల దగ్గర. సున్నాలు ఎక్కువ, వాళ్లు నోటితో చివరి మూడు సున్నాలు మింగేసి "యాభై" అంటే 50,000. పైగా 20,000 నోటు, 5 లక్షల నోటు రెండూ నీలమే. చీకట్లో ఐస్‌డ్ టీ తాగి, నీలం నోటు ఇచ్చి, చిల్లర వద్దని గొప్పగా చెయ్యి ఊపి నడిచాను. వీధి మలుపు దాకా ఆ ముసలావిడ చెప్పులు టకటకలాడిస్తూ వెంటపడింది. నేనిచ్చిన 5 లక్షల నోటు నా చేతిలో పెట్టి, నా పర్సులోంచి తనే ఒక 5,000 నోటు ఏరుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు 20,000 నోట్లు చొక్కా జేబులో, 5 లక్షలవి ప్యాంటు వెనక జేబులో పెట్టుకుంటున్నాను.