డిజైన్ థింకింగ్ వర్క్‌షాప్ ఎక్కడ ఆగిపోయింది? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

వాడే మనుషుల అవసరాన్ని దగ్గరగా చూసి సమస్యను పరిష్కరించే పద్ధతే డిజైన్ థింకింగ్. దాన్ని టీమ్‌లకు పరిచయం చేసేటప్పుడు లోపం బయటపడే చోటు ఒకటి, అది పుట్టిన చోటు ఇంకొకటి. ఐడియాలు రావడం లేదని ఐడియాల సమయాన్ని పొడిగిస్తే ఒరిగేదేమీ ఉండదు. ఎంపతైజ్ (మనుషులను అర్థం చేసుకోవడం), డిఫైన్ (సమస్యను తేల్చుకోవడం), ఐడియేట్ (ఐడియాలు రాబట్టడం), ప్రోటోటైప్ (నమూనా చేయడం), టెస్ట్ (పరీక్షించడం) అని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ డిజైన్ కేంద్రమైన డి.స్కూల్ ప్రచారంలోకి తెచ్చిన ఐదు మెట్లలో మీరు ఏ మెట్టు మీద ఇరుక్కున్నారో చూసి, దాని కింది మెట్టును తడిమి చూడండి. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

ఉదాహరణకు ఒక ఆస్పత్రి అనుకుందాం. పొద్దున ఎనిమిదికే ఓపీ కౌంటర్ ముందు జనం కిక్కిరిసిపోతున్నారు. టీమ్‌లో కౌంటర్ సిబ్బంది, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్, అకౌంట్స్, ఐటీ వాళ్లు ఉన్నారు.

మొదలుపెట్టే ముందు ఒకటి తేల్చుకోండి. చీటీ ఆలస్యానికి కారణం పాడైన ప్రింటరే అని తెలిసిపోతే ప్రింటర్ మార్చండి, వర్క్‌షాప్ అక్కర్లేదు. కారణం తెలిసిన సమస్యకు ఈ పద్ధతి వాడితే అందరి సమయం దండగ. కారణం తెలియనప్పుడు, మనుషుల అలవాట్లూ భయాలూ కలిసి ఉన్నప్పుడు మాత్రమే ఇది పనికొస్తుంది. అలాంటి సమస్యే అయితే 12 నుంచి 24 మందిని తీసుకుని, గ్రూపుకు 4 నుంచి 6 మంది చొప్పున అన్ని విభాగాలవాళ్లనూ కలపండి. రెండు రోజులు పెట్టి, మధ్యలో మూడు నాలుగు రోజులు బయట తిరగడానికి వదలండి. ఒక్కరోజులో ముగించేస్తే పరికరాల పేర్లు తెలుస్తాయి, పని చేతికి రాదు.

లక్షణం: వచ్చిన ఐడియాలన్నీ ముందే తెలిసినవి

యాప్ చేద్దాం, టోకెన్ మెషిన్ కొందాం, సిబ్బందికి ట్రైనింగ్ ఇద్దాం, బోర్డులు పెడదాం. గంటసేపు కూర్చున్నా ఇవే తిరిగి తిరిగి వస్తున్నాయంటే, ఎంపతీ మ్యాప్‌ను గదిలో కూర్చునే నింపారని అర్థం. ఆ మ్యాప్‌లో అన్నది, చేసింది, అనుకున్నది, అనిపించింది అని నాలుగు గళ్లుంటాయి. ఎవరినీ కలవకుండా నింపితే టీమ్ తన ఊహలనే రోగి పేరు మీద రాసుకుంటుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. ‘అన్నది’ గడిలో ఒక మనిషి నోటి నుంచి వచ్చిన మాట ఒక్కటైనా యథాతథంగా ఉందా? లేకపోతే ఆ కాగితం పక్కన పెట్టేయండి.

ఒక్కో గ్రూపు 5 నుంచి 8 మందిని కలవాలి. ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ఒకరు మాట్లాడతారు, ఒకరు రాసుకుంటారు. మనిషికి 30 నుంచి 40 నిమిషాలు కేటాయించండి. మామూలు రోగుల దగ్గరే ఆగిపోకండి. మొదటిసారి వచ్చినవాళ్లు, నెలనెలా షుగర్ మందుల కోసం వచ్చేవాళ్లు, చదవడం రానివాళ్లు, పక్కింటి పెద్దాయన్ని ఆటోలో తీసుకొచ్చిన కుర్రాడు, ఇలా అంచుల్లో ఉన్నవాళ్లను వెతకండి. తర్వాత ఒక గంట కౌంటర్ దగ్గర ఊరికే నిలబడి చూడండి. ఎవరు ఎక్కడ ఆగారు, ఎవరిని దారి అడిగారు, ఎంతసేపు నిలబడ్డారు అన్నది గడియారం చూసి రాసుకోండి. జర్నీ మ్యాప్, అంటే రోగి వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా ఏమేం జరిగిందో చూపే పటం, గీయాల్సింది ఆ కాగితాల నుంచే.

ఈ మెట్టును ఎందుకు వదలకూడదో ఎంబ్రేస్ అనే శిశువుల వార్మర్ చరిత్ర చెబుతుంది. 2007లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు తక్కువ ధరలో ఇంక్యుబేటర్ తయారుచేసే పని ఇచ్చారు. నేపాల్ వెళ్లి చూస్తే ఆస్పత్రిలో దానంగా వచ్చిన ఇంక్యుబేటర్లు ఖాళీగా ఉన్నాయి. నెలలు నిండని పిల్లలు పల్లెల్లో పుడుతున్నారు, ఆస్పత్రి దాకా చేరలేకపోతున్నారు. దాంతో ప్రశ్నే మారిపోయింది. చివరికి తయారైంది చిన్న పడకసంచి లాంటిది. వేడిచేసిన మైనం లాంటి పదార్థం ఉన్న పొర, పాపను కరెంటు అవసరం లేకుండా గంటల తరబడి 37 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచుతుంది. గది దాటకపోయి ఉంటే ఇంకో చౌక ఇంక్యుబేటర్ తయారయ్యేది, అదీ ఖాళీగానే ఉండేది.

లక్షణం: ఎవర్ని అడిగినా ‘బాగానే ఉందండి’ అంటున్నారు

మెడలో ఐడీ కార్డుతో ఎదురుగా నిలబడి ‘ఇక్కడ సౌకర్యంగా ఉందా?’ అంటే మన దగ్గర ఎవరైనా ఆ మాటే అంటారు. వైద్యం చేయించుకునే చోట లోపం ఎత్తిచూపితే ఏమవుతుందోనన్న భయం కూడా ఉంటుంది. మీరెవరో దాచకండి. ఏం చెప్పినా వైద్యానికి అడ్డు రాదని, ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదని ముందే అనండి. అదే బెంచీ మీద పక్కన కూర్చోండి.

ప్రశ్నలు కూడా మార్చండి. ‘పొద్దున ఇంటి నుంచి బయల్దేరినప్పటి నుంచి ఏం జరిగిందో చెప్పండమ్మా’ అంటే కథ వస్తుంది. ‘యాప్ ఉంటే వాడతారా?’ అంటే అందరూ వాడతామనే అంటారు. దానికి బదులు ‘ఈమధ్య ఫోన్‌లో ఏమేం చేశారు, చూపిస్తారా?’ అనండి. ‘ఎందుకు’ అన్న మాట మన భాషలో నిలదీసినట్టు వినిపిస్తుంది, ‘అప్పుడేం చేశారు?’ అంటే నోరు విప్పుతారు. జవాబు అయిపోయాక నాలుగైదు సెకన్లు మౌనంగా ఉండండి. అసలు విషయం తరచూ ఆ తర్వాతే వస్తుంది.

రాసుకునేటప్పుడు వాళ్ల మాటే రాయండి. ‘పేరు రాయించుకోవడానికో లైను, డబ్బులు కట్టడానికో లైను, రెండూ ఒకటే అనుకున్నా’ అన్న మాటను ‘రిజిస్ట్రేషన్ ఆలస్యం’ అని కుదించారంటే దొరికిన ఆధారం పోయినట్టే.

లక్షణం: సమస్య వాక్యంలోనే పరిష్కారం దూరింది

‘రోగులకు ఆన్‌లైన్ బుకింగ్ అవసరం’ అని రాస్తే ఇక ఆలోచించడానికేమీ మిగలదు. అవసరాన్ని క్రియలో చెప్పించండి: ఎవరికి, ఏం చేయగలగాలి లేదా ఏం తెలియాలి, ఎందుకంటే మనం ఏం చూశాం. ఇలా: ‘మొదటి బస్సుకు పల్లె నుంచి వచ్చిన పెద్దావిడకు, ఈ రోజు డాక్టరు ఉన్నారో లేదో లైన్లో నిలబడకముందే తెలియాలి, ఎందుకంటే మధ్యాహ్నం బస్సు తప్పితే రాత్రికి ఉండే చోటు లేదు.’

దీని నుంచి ‘మనం ఎలా’ ప్రశ్నలు 8 నుంచి 10 రాసి, ఒకటో రెండో ఎంచుకోండి. ‘రోగుల అనుభవాన్ని మనం ఎలా మెరుగుపరచగలం?’ అనేది మరీ వెడల్పు, చేతికేమీ తగలదు. ‘టోకెన్ మెషిన్ ఏ గోడకు పెట్టగలం?’ అనేది మరీ ఇరుకు. రెండు నిమిషాల్లో అయిదు వేర్వేరు రకాల జవాబులు తోస్తే కొలత సరిపోయినట్టు. ఈ మెట్టుకు గంటో గంటుంబావో ఇవ్వండి. సమయం చాలకపోతే నిర్వాహకులు మొదట కోసేది దీన్నే. ఆటలు, పరిచయాలు తగ్గించుకోండి గానీ దీని జోలికి వెళ్లొద్దు.

లక్షణం: ఇద్దరే మాట్లాడుతున్నారు, మిగతావాళ్లు తలలూపుతున్నారు

పెద్ద సారు గదిలో ఉండటం ఒక కారణం. ఇంకోటి, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం ఆగడం. ఆగేలోపు ఐడియా జారిపోతుంది. ఈ ఆటంకాన్ని 1987లో మనస్తత్వ శాస్త్రవేత్తలు మైఖేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబె తమ ప్రయోగాల్లో చూపించారు.

నోటి చర్చ ఆపి 6-3-5 పద్ధతికి మారండి. 6 మంది, ఒక్కొక్కరు 3 ఐడియాలు, 5 నిమిషాలు. కాగితం పక్కవారికి ఇస్తే వాళ్లు దానికి ఇంకో మూడు కలుపుతారు. ఆరు రౌండ్లలో, అరగంటకు 108 గళ్లు నిండుతాయి. చివరి రౌండ్లలో ముందువి చదవడానికే సమయం పడుతుంది కాబట్టి 6, 7 నిమిషాలు ఇవ్వండి. తెలుగులో రాయొచ్చని, అక్షర దోషాలు పట్టించుకోమని, బొమ్మ గీసినా చాలని మొదటే చెప్పండి. ఇంగ్లిషులో రాయాలన్నారంటే, రోగులను అందరికన్నా దగ్గరగా చూసే ఆయాలు, వార్డు బాయ్‌లే ముందు మూగబోతారు.

ఎంపికలోనూ ఇదే జాగ్రత్త కావాలి. నచ్చిన ఐడియాల మీద అంటించడానికి మనిషికి మూడు చుక్కల స్టిక్కర్లు ఇవ్వండి. ముందు తమ ఎంపిక నంబర్లు చీటీ మీద రాసుకుని, తర్వాతే అంటించాలి. పెద్ద సారు చివర్లో.

లక్షణం: స్టిక్కీ నోట్స్ రాలిపోతున్నాయి, చదవలేకపోతున్నాం

సున్నం గోడకు, డిస్టెంపర్ గోడకు అవి నిలవవు. ఫ్యాను వేస్తే సరేసరి. మాస్కింగ్ టేపుతో చార్టులు గోడకు అతికించి నోట్స్ వాటి మీద పెట్టండి. బొత్తి నుంచి కింది అంచు పట్టి పైకి లాగితే కాగితం వంకర తిరుగుతుంది, పక్క నుంచి లాగండి. 3 అంగుళాల నోట్ మీద ఒక్క ఆలోచన, ఏడెనిమిది మాటలు, లావు మార్కర్‌తో. గోడ మీది బాల్‌పెన్ రాత రెండు మీటర్ల దూరానికి కనిపించదు.

లక్షణం: ప్రోటోటైప్‌కు రెండు వారాలు పట్టింది

ప్రోటోటైప్ అంటే పైవాళ్లకు చూపించే డెమో అనుకోవడం వల్ల ఇది జరుగుతుంది. నష్టం సమయం ఒక్కటే కాదు. అంత కష్టపడి చేసినదాన్ని టీమ్ పరీక్షకు పెట్టదు, వెనకేసుకొస్తుంది.

ముందు ప్రశ్న రాయించండి. ‘చీటీ మీద టైము రాసిస్తే జనం లైన్ వదిలి వెళ్లి కూర్చుంటారా?’ దీనికి మెషిన్ అక్కర్లేదు. రంగు అట్టముక్కలు, స్కెచ్ పెన్ను, 45 నిమిషాలు చాలు. డాక్టరు అనుమతి తీసుకుని, ఒక్క విభాగంలో, ఒక్క ఉదయం, 20 మందికి చేత్తో రాసివ్వండి. మామూలు లైన్ పక్కన నడుస్తూనే ఉండాలి, ఎమర్జెన్సీ కేసుల జోలికి వెళ్లకూడదు. ఫోన్ చేస్తే వివరాలు చెప్పే ఏర్పాటు అయితే, ప్రోగ్రామ్ రాయకుండా పక్క గదిలో ఒక మనిషిని కూర్చోబెట్టి జవాబులు చెప్పించండి.

లక్షణం: టెస్టులో అందరూ మెచ్చుకున్నారు

తయారుచేసినవాళ్లే పక్కన నిలబడి వివరిస్తే మెచ్చుకోక ఏం చేస్తారు? వేరే గ్రూపువాళ్లతో టెస్టు చేయించండి. చీటీ చేతికిచ్చి ‘ఇప్పుడు మీరేం చేస్తారు?’ అని అడిగి ఊరుకోండి. తడబడిన ప్రతి చోటూ రాసుకోండి. తర్వాత చార్టును నాలుగు గళ్లు చేసి నచ్చినవి, ఇబ్బందులు, ప్రశ్నలు, కొత్త ఆలోచనలు అని పంచండి. ఇబ్బందుల గడి ఖాళీగా ఉంటే టెస్టు జరగలేదనే లెక్క.

ఐదుగురితో చూస్తే చాలని, వస్తువులు వాడటం ఎంత తేలికో పరిశీలించే నిపుణుడు జేకబ్ నీల్సన్ చెప్పిన సూత్రం చాలామందికి తెలుసు. అది ఒకే రకం మనుషులు వాడేటప్పుడు ఎదురయ్యే ఇబ్బందులను పట్టుకోవడానికి. జనం దీన్ని కోరుకుంటున్నారని నిరూపించడానికి ఐదుగురు చాలరు.

లక్షణం: వర్క్‌షాప్ అయిన వారానికి చార్టులు చుట్టి మూల పెట్టేశారు

నిర్ణయం తీసుకునే అధికారం ఉన్నవాళ్లు ప్రారంభ ఉపన్యాసానికి వచ్చి వెళ్లిపోయారు కాబట్టి. టీమ్‌ను ఇక్కడ తప్పుపట్టడం అన్యాయం. తేదీ ఖరారు చేసే ముందే ఆ అధికారితో ఒక పేజీ మీద నాలుగు విషయాలు రాయించుకోండి: ఏ ఐడియానైనా ఒక్కదాన్ని రెండు వారాలు నడిపి చూడటానికి అనుమతి, దానికి ఎంత ఖర్చు చేయొచ్చు, డ్యూటీ నుంచి ఎవరికి ఎన్ని గంటలు వదులు, ఫలితం చూడటానికి ఆయన కూర్చునే తేదీ. ఆ పేజీ మీద సంతకం దొరకకపోతే వర్క్‌షాప్‌ను వాయిదా వేయండి.