పి53 తెల్లగా విరిగిపోతోందా? సమస్య - పరిష్కారం

కర్నూలు, అనంతపురం, కడపల్లో మే నెల ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. క్యాన్సర్‌ను అడ్డుకునే ప్రొటీన్ పి53లో డీఎన్ఏను పట్టుకునే మధ్యభాగం (కోర్ డొమైన్) మడత విడిపోయేదీ దాదాపు ఆ వేడికే. అందుకే మన ల్యాబ్‌లలో ఈ ప్రొటీన్ ఎండాకాలం ఎక్కువ ఏడిపిస్తుంది.

సమస్య: ఇ.కోలై బ్యాక్టీరియాలో ప్రొటీన్ బాగానే వస్తోంది, కణాలను పగలగొట్టి స్పిన్ చేస్తే మాత్రం అంతా కరగకుండా అడుగున పెల్లెట్‌లోనే.

కారణం: 37 డిగ్రీల దగ్గర ఇండక్షన్ (ప్రొటీన్ తయారీని మొదలుపెట్టించడం). ఆ వేడిలో కోర్ డొమైన్ నిమిషాల్లో విచ్చుకుని, ఒకదానికొకటి అంటుకుపోతుంది.

పరిష్కారం: కల్చర్ ఓడీ (మసకదనం కొలత) 0.6–0.8కి రాగానే ఫ్లాస్క్‌ను అరగంట ఐస్‌లో పెట్టండి. తర్వాత తయారీని మొదలుపెట్టించే ఐపిటిజి 0.5 మిల్లీమోలార్, జింక్ సల్ఫేట్ 0.1 మిల్లీమోలార్ కలిపి 18 డిగ్రీల దగ్గర 16 గంటలు తిప్పండి. షేకర్ డిస్‌ప్లేను నమ్మొద్దు. మధ్యాహ్నం వేడికి కంప్రెసర్ అందుకోలేకపోవచ్చు. పక్కన ఒక ఫ్లాస్క్‌లో నీళ్లు పోసి థర్మామీటర్ ఉంచండి.

సమస్య: శుద్ధి కాలమ్ నుంచి తేటగా వచ్చింది, డయాలిసిస్‌లో (పొర సంచిలో పెట్టి బఫర్ మార్చేటప్పుడు) తెల్లవారేసరికి మజ్జిగలా అయింది.

కారణం: చాలాసార్లు లోహ అయాన్లను పట్టేసే ఈడిటిఎ. పి53 గొలుసులోని అమైనో ఆమ్లాలు సిస్టీన్ 176, 238, 242, హిస్టిడిన్ 179 కలిసి ఒక జింక్ అయాన్‌ను పట్టుకుంటాయి. ఈడిటిఎ దాన్ని లాగేస్తే ఆ చుట్టుపక్కల మడతంతా వదులవుతుంది. బఫర్‌లో మీరు వేయకపోయినా ప్రొటియేజ్ ఇన్హిబిటర్ (ప్రొటీన్‌ను కోసే ఎంజైమ్‌లను ఆపే) మాత్రలో ఉండొచ్చు, లేబుల్ చదవండి.

పరిష్కారం: ఈడిటిఎ లేని మాత్ర వాడండి. సిస్టీన్‌లు ఆక్సీకరణ చెందకుండా డయాలిసిస్ బఫర్‌లో అప్పటికప్పుడు 5 మిల్లీమోలార్ డిటిటి కలపండి. నికెల్ కాలమ్ మీద మాత్రం డిటిటి వద్దు, రెజిన్ గోధుమరంగుకు తిరుగుతుంది. అక్కడ బీటా-మెర్కాప్టోఇథనాల్ చాలు. శుద్ధి చేసిన ప్రొటీన్‌కు జింక్ అదనంగా పోయకండి, మోతాదు మించితే అదే గడ్డ కట్టిస్తుంది. ఒకసారి విరిగినదాన్ని కాపాడాలని చూడొద్దు.

సమస్య: జెల్‌లో పూర్తి పొడవు పి53 బ్యాండ్ అసలు బరువు 43.7 దగ్గర కాక 53 కిలోడాల్టన్ల దగ్గర వస్తోంది.

ఇది తప్పు కాదు. ప్రోలిన్‌లు ఎక్కువున్న భాగం వల్ల జెల్‌లో నెమ్మదిగా నడుస్తుంది. పేరు వచ్చిందే అలా.

సమస్య: ప్రొటీన్ కరిగే ఉంది, డీఎన్ఏను మాత్రం పట్టుకోవడం లేదు.

ముందు పి53 జన్యువున్న ప్లాస్మిడ్ సీక్వెన్స్ చేయించండి. ఆర్273హెచ్ (273వ ఆర్జినిన్ స్థానంలో హిస్టిడిన్) మార్పులో మడత దాదాపు చెక్కుచెదరదు, డీఎన్ఏను తాకే ఆర్జినిన్ మాత్రమే పోతుంది. కాబట్టి శుద్ధి సజావుగా సాగి మనల్ని నమ్మిస్తుంది. ఆర్175హెచ్ అయితే జింక్ పక్కనే దెబ్బ కొడుతుంది, కరగడమే కష్టం. సీక్వెన్స్ సరిగ్గా ఉంటే మీ క్లోన్ ఎక్కడ ముగుస్తుందో చూడండి: నాలుగు అణువులు జతకట్టే 325–356 భాగం లేకపోతే పట్టు బలహీనంగానే ఉంటుంది.