పైథాన్, జావా, రస్ట్ జట్లను ఒకే గదిలో కూర్చోబెట్టాలంటే

భీమవరంలోనో కాకినాడలోనో ఈ మూడు ప్రోగ్రామింగ్ భాషల జట్లూ కలిస్తే, "మాదే స్పీడు" అన్న గొడవ మొదలవకముందే ఒక లెక్క చేతిలో పెట్టండి. ధవళేశ్వరం వరద మట్టం బాగా పనికొస్తుంది. గంటకో రీడింగు చొప్పున నమూనా సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలు తయారుచేసి, నీరు 11.75, 13.75, 17.75 అడుగుల హెచ్చరికలు దాటి ఎన్నేసి గంటలు ఉందో తేల్చమనండి.

కొన్ని గడులు కావాలనే ఖాళీగా వదలండి. అసలు తేడాలు బయటపడేది అక్కడే. ఖాళీ గడిని ఫ్లోట్‌గా (దశాంశ సంఖ్యగా) మార్చబోతే పైథాన్ రన్ మధ్యలో వాల్యూఎర్రర్‌తో ఆగిపోతుంది. రస్ట్‌లో పార్స్ (అక్షరాలను సంఖ్యగా మార్చే ఫంక్షన్) రిజల్ట్ ఇస్తుంది, అంటే విలువో ఎర్రరో ఏదో ఒకటి; ఎర్రరైతే ఏం చేయాలో రాసేటప్పుడే చెప్పాలి. అన్‌ర్యాప్ (ఎర్రర్ రాదనుకుని విలువ లాగేయడం) పెట్టి తప్పించుకుంటే అదీ కూలుతుంది! ఖాళీ గంటను వదిలేయాలా, ముందు రీడింగే వాడాలా అన్నది అందరికీ ఒకే రూలు.

టైము ఒకే ల్యాప్‌టాప్‌లో, ఛార్జరు పెట్టి కొలవండి. రస్ట్‌ను --రిలీజ్ (కోడ్‌ను వేగంగా నడిచేలా బిల్డ్ చేసే ఆప్షన్) లేకుండా బిల్డ్ చేస్తే పరువు పోతుంది. జావాలో జిట్ (నడుస్తుండగానే కోడ్‌ను మెషిన్ కోడ్‌గా మార్చే భాగం) వేడెక్కాలి కాబట్టి ఒకే ప్రాసెస్‌లో లెక్కను పదేపదే తిప్పి, మొదటి ఫలితాలు పక్కన పెట్టండి. పైథాన్ వాళ్లు నమ్‌పై (సంఖ్యల లెక్కల లైబ్రరీ) తెస్తే తేనివ్వండి, లోపల నడిచేది ఎక్కువగా సీ కోడేనని బోర్డు మీద రాయండి చాలు.

చివర్లో పైఓ3 (రస్ట్, పైథాన్‌లను కలిపే లైబ్రరీ)తో రస్ట్ ఫంక్షన్‌ను పైథాన్‌కు తగిలించే పని రెండు జట్లకూ కలిపి ఇవ్వండి. దాన్ని బిల్డ్ చేసి పైథాన్‌లో పెట్టే మాట్యురిన్ డెవలప్ కమాండ్ కొట్టేముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ప్రాజెక్టుకు విడిగా పెట్టే పైథాన్ ఏర్పాటు) ఆన్ చేయాలి, లేకపోతే ఎర్రరే.