నాన్న పటాళం ఫొటోలు: ట్రంకు పెట్టె నుంచి రికార్డు ఆఫీసు దాకా

నాన్న ట్రంకు పెట్టెలోంచి పాత మిలిటరీ ఫొటోలు బయటపడగానే ఇళ్ళల్లో జరిగేవి రెండు. ఒకరు తడిగుడ్డ తెచ్చి తుడవడం మొదలుపెడతారు. ఇంకొకరు అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ తలా నాలుగు పంచుతారు. రెండూ ఆపించండి. తడి తగిలితే దుమ్ముతో పాటు బొమ్మా లేచొస్తుంది. పంచేస్తే ఏ ఫొటో ఏ కవరులో, ఏ ఉత్తరం పక్కన ఉండేదో ఆ జాడ పోతుంది. వెనక ఏమీ రాయని ఫొటో ఎప్పటిదో తేల్చడానికి చాలాసార్లు అదొక్కటే ఆధారం. ఏదీ కదపకముందే పెట్టెలో ఒక్కో పొరనీ ఫోనుతో తీసుకోండి. ప్రతి కవరుకీ, ప్రతి ఆల్బమ్‌కీ ఒక నంబరు వేసి, లోపల ఉన్నవాటిని అదే వరుసలో ఉంచండి.

ముందు నంబరు వెతకండి

ఫొటోల కంటే ముందు కావలసింది నాన్న ఆర్మీ నంబరు. డిశ్చార్జి బుక్కులో, పెన్షన్ పేపర్లలో తప్పకుండా ఉంటుంది. అవి దొరక్కపోతే ట్రంకు మూత చూడండి, తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉండటం మామూలే. మెడల్ ఉంటే దాని అంచు చుట్టూ చెక్కిన అక్షరాలు చూడండి. భూతద్దం, పక్క నుంచి పడే టార్చి వెలుతురు చాలు. మెడల్‌ని చింతపండుతోనో బ్రాసోతోనో తోమితే ముందు అరిగేది ఆ అక్షరాలే.

నంబరు ముందున్న అక్షరాలు కూడా మాట్లాడతాయి. ‘జేసీ’ అంటే జమాదారు, సుబేదారు స్థాయి. ‘ఐసీ’ అంటే పర్మనెంట్ కమిషన్ పొందిన ఆఫీసరు. ‘ఈసీ’ అంటే 1962 యుద్ధం తర్వాత ఇచ్చిన ఎమర్జెన్సీ కమిషన్. ‘ఎస్‌ఎస్’ అంటే షార్ట్ సర్వీస్, అంటే కొన్నేళ్ళకి మాత్రమే ఇచ్చే కమిషన్. 1963లో చెన్నై పరంగిమలలో మొదలైన ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూలు ఇలాంటి కమిషన్ల కోసమే. ఇంట్లో ‘ఓటీఎస్ మద్రాస్’ అని రాసిన గ్రూప్ ఫొటో ఉంటే అది 1963కి ముందుది కాదు. ఆ స్కూలు 1988 నుంచి అకాడమీ అయింది. జవానుగా చేరి జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు) అయినవాళ్ళకి రెండు నంబర్లుంటాయి, రెండూ రాసుకోండి. నంబరు చివర ఉండే ఒంటి అక్షరాన్నీ వదలొద్దు.

ఊరి పేరు దగ్గర తెలుగువాళ్ళకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. భర్తీ అయిన నాటి జిల్లా ఇప్పటి జిల్లా కాదు. శ్రీకాకుళం 1950లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో ఏర్పడ్డాయి. ఒంగోలు పక్క పల్లెటూరాయన కాగితాల్లో గుంటూరు జిల్లా వాడిగా ఉండవచ్చు. ఇంటిపేరు పొడి అక్షరంగా మారో, అసలు ఎగిరిపోయో ఉంటుంది. అందుకే ఎక్కడ వెతికినా నంబరు, పేరు, తండ్రి పేరు మూడూ కలిపి వెతకాలి.

చెన్నై గాలికి ఫొటోలు

పాత నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ నిలిచి ఉండేది జిలటిన్ పొరలో. జిలటిన్ తేమని పీలుస్తుంది, ఉబ్బుతుంది, దేనికైనా అతుక్కుంటుంది, బూజుకి మేత అవుతుంది. సముద్రపు ఊళ్ళో ఇవన్నీ ఏడాది పొడవునా జరుగుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఆల్బమ్‌లు తెరిచే పని పెట్టుకోకండి. జనవరి, ఫిబ్రవరి మేలు.

బూజు పట్టిన ఫొటోని నీళ్ళతో అసలు తాకకూడదు. బూజు తిన్న జిలటిన్ నీళ్ళలో కరిగిపోతుంది. ముందు ఏసీ గదిలో రెండు రోజులు ఆరనివ్వండి. పొడిబారాక వరండాలో, ముక్కుకి మాస్కు కట్టుకుని, మెత్తని బ్రష్షుతో మధ్య నుంచి అంచులకి తేలిగ్గా దులపండి. పోని మచ్చని గోకొద్దు.

ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటోని లాగితే మొహం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయడమే దారి. జిగురు పేజీలు, పైన ప్లాస్టిక్ పొర ఉండే ఆల్బమ్‌లోంచి ఫొటో రాకపోతే వాసన, మైనం లేని డెంటల్ ఫ్లాస్‌ని వెనక రంపంలా నెమ్మదిగా ఆడించండి. కదలకపోతే వదిలేసి పేజీతోనే స్కాన్ చేయండి. ఆవిరి పట్టొద్దు. మైదా జిగురుతో నల్ల కాగితానికి అంటించిన ఫొటోలకీ ఇదే వర్తిస్తుంది.

2015 డిసెంబరు చెన్నై వరదలాంటిది వచ్చి ఆల్బమ్ మొత్తం నానితే, తడి కట్టని అలాగే ఆరనివ్వడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అది ఇటుక అవుతుంది. చల్లని మంచి నీళ్ళ తొట్టిలో ఉంచి, ఒక్కొక్కటే విడదీసి, బొమ్మ పైకి ఉండేలా అచ్చు లేని తెల్ల కాగితం మీద నీడలో ఆరబెట్టండి. న్యూస్‌పేపరు సిరా దిగుతుంది. 48 గంటల్లో అన్నీ విడదీయలేకపోతే మధ్య మధ్య బటర్ పేపరు పెట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. తీరిక దొరికినప్పుడు కొద్దికొద్దిగా తీయవచ్చు. గాజు నెగటివ్‌లని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి.

దాచడానికి యాసిడ్-ఫ్రీ కాగితపు కవర్లు గానీ పాలీప్రొపిలీన్ స్లీవ్‌లు గానీ వాడండి. కొత్త రెయిన్‌కోటు వాసన కొట్టే పీవీసీ స్లీవ్ వద్దు. చెన్నై ఆండర్సన్ వీధి కాగితపు దుకాణాల్లో ‘యాసిడ్-ఫ్రీ’ అని గట్టిగా అడిగి తీసుకోండి, తెల్లగా ఉన్న ప్రతిదీ అది కాదు. పెట్టెలో సిలికా జెల్, చిన్న డిజిటల్ హైగ్రోమీటరు పెట్టి తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండేట్టు చూడండి. కలరా ఉండలు వేయకండి.

స్కానింగ్

ఫ్లాట్‌బెడ్ స్కానరే వాడాలి. కాగితాన్ని లోపలికి లాక్కునే రకం వంకర తిరిగిన ఫొటోని విరిచేస్తుంది. మామూలు ఫొటోకి 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క). అరచేతిలో సగం ఉండే పాత ఫొటోలకి 1200. నెగటివ్ అయితే 2400కి తగ్గొద్దు. నలుపు తెలుపుదైనా 24 బిట్ కలర్‌లో, టిఫ్ ఫైలుగా చేయండి, వెనక సిరా రంగు, మరకల తేడా అప్పుడే తెలుస్తాయి. 6×4 అంగుళాల ఫొటో 600 డీపీఐలో దాదాపు 26 ఎంబీ అవుతుంది, భయపడనక్కర్లేదు. ‘ఆటో ఎన్‌హాన్స్’, ‘దుమ్ము తొలగించు’ లాంటివన్నీ ఆపేయండి. దుమ్ము చుక్క అనుకుని అది భుజం మీది నక్షత్రాన్ని తుడిచేయగలదు.

ప్రతి ఫొటోకీ వెనక వైపు కూడా స్కాన్ చేయాలి, ఖాళీగా కనిపించినా సరే. పెన్సిల్ రాత మాసిపోయినా స్కాన్‌లో కాంట్రాస్టు పెంచితే తేలుతుంది. ఫైలు పేరు కవరు నంబరుతో మొదలవ్వాలి: 03-07-ముందు, 03-07-వెనక. అన్నదమ్ములకి పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. మూడు ప్రతులు ఉంచండి, వాటిలో ఒకటి వేరే ఊళ్ళో.

రంగులద్దే యాప్‌ల సంగతి. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, ఇంట్లో పటం కట్టించుకోవడానికి సరే. కానీ అది రిబ్బన్ల రంగుల్ని ఊహించి వేస్తుంది, మసకగా ఉన్న బ్యాడ్జీని తనకి తోచినట్టు గీస్తుంది. ఆ కాపీ చూసి పతకాల పేర్లు తేల్చడం మొదలుపెడితే నాన్న చేయని యుద్ధం చేసినట్టవుతుంది.

ఫొటోని చదవడం

ముందు అది తిరగబడిందేమో చూడండి. నెగటివ్‌ని బోర్లా పెట్టి ప్రింటు వేయడం స్టూడియోల్లో జరిగేదే. పతకాలు ఎడమ రొమ్ము మీద ఉండాలి, .303 రైఫిల్ బోల్టు పిడి కుడి పక్కన ఉండాలి. రెండూ మారి ఉంటే ఫొటోని తిప్పి చూడండి, పేరు పట్టీ చదవడానికి వస్తుంది.

ర్యాంకు తేలిక. చేతి మీద ఒక పట్టీ లాన్స్ నాయక్, రెండు నాయక్, మూడు హవల్దారు. భుజం మీద నక్షత్రం ఉండి దాని కింద అడ్డంగా రిబ్బను ఉంటే జేసీఓ, రిబ్బను లేకపోతే ఆఫీసరు. చాలా ఇళ్ళల్లో సుబేదారు గారిని లెఫ్టినెంట్ చేసేసేది ఈ రిబ్బనుని గమనించకే. 1965 దాకా నాయబ్ సుబేదారుని జమాదారు అనేవారు. మేజరు, సుబేదారు మేజరు భుజాల మీద కిరీటం ఉంటే 1950 జనవరి 26కి ముందు, మూడు సింహాలుంటే ఆ తర్వాత.

ఆయుధంతో కాలం కట్టడంలో జాగ్రత్త. ఎస్‌ఎల్‌ఆర్‌కి (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) గొట్టం బయటికి పొడుగ్గా ఉంటుంది, 20 గుళ్ళ మ్యాగజీన్ కిందికి వేలాడుతుంది. అది కనిపిస్తే ఫొటో 1962 యుద్ధానిది కాదు, మన పదాతి దళం ఆ యుద్ధం .303తోనే చేసింది. కానీ .303 కనిపించినంత మాత్రాన అంతకు ముందుదని చెప్పలేం, ట్రైనింగులో, గార్డు డ్యూటీలో అది చాలా ఏళ్ళు ఉంది. ఆకుమచ్చల డ్రెస్సు, పారాచూట్ దళాల్ని మినహాయిస్తే, 71 యుద్ధానికి తర్వాతి కాలానిది.

ఛాతీ మీది రిబ్బన్లని నలుపు తెలుపులో చారల వెడల్పుని బట్టి మాత్రమే పోల్చగలం, అదీ అనుమానంగానే. కాగితం మీద ఉన్న పేర్లతో సరిపోల్చండి. 1965కి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్. 1971కి తూర్పున పూర్వీ స్టార్, పడమట పశ్చిమీ స్టార్, వాటితో సంగ్రామ్ మెడల్. స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్ 1972లో సర్వీసులో ఉన్నవాళ్ళకి ఇచ్చింది. కాబట్టి యుద్ధం చేశారనడానికి అది సాక్ష్యం కాదు.

ప్యాటన్ ట్యాంకు ముందు నిలబడ్డ ఫొటో సంగతీ అంతే. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్‌లో చిక్కిన పాకిస్తాన్ ట్యాంకుల్ని ఆ తర్వాత ఎన్నో కంటోన్మెంట్లలో గెలుపు గుర్తుగా నిలబెట్టారు. దాని కింద దిమ్మె, సున్నం కొట్టిన రాళ్ళు, పూల మొక్కలు ఉంటే అది యుద్ధభూమి కాదు. నిజానికి ఇళ్ళల్లో దొరికే ఫొటోల్లో ఎక్కువ భాగం సెలవులో స్టూడియోకి వెళ్ళినప్పుడో, ట్రైనింగు ముగిసి ప్రమాణం చేసే కసం పరేడ్ రోజునో, కాల్పుల విరమణ అయ్యాక తీరిక దొరికినప్పుడో తీయించుకున్నవే. కందకంలో ఉన్న జవాను చేతిలో కెమెరా ఎక్కడిది? చదరంగా ఉన్న బొమ్మలు 120 ఫిల్ముతో, ఆగ్ఫా క్లిక్ లాంటి డబ్బా కెమెరాతో తీసినవి అయ్యుండొచ్చు. ఆ ఫిల్ముకి పన్నెండే బొమ్మలు కాబట్టి అవే మొహాలు, అదే టెంటు ఉన్న మిగతా ఫొటోల్ని ఒకచోట చేర్చితే ఒక రోలు దొరికినట్టే.

గ్రూప్ ఫొటోలో కుర్చీల వరుస మధ్యలో పెద్ద ఆఫీసరు, పక్కన మిగతా ఆఫీసర్లు, జేసీఓలు, వెనక నిలబడ్డవాళ్ళు, ముందు నేల మీద కూర్చున్నవాళ్ళు. సాధారణంగా పదిమంది ఉంటే సెక్షను, ముప్ఫై మందికి పైగా ఉంటే ప్లాటూను, వంద దాటితే కంపెనీ. పేర్లు కింది అట్ట మీద అచ్చువేసి ఉంటాయి. ఫ్రేము కట్టేవాడు కొలత సరిపోక ఆ అట్టని వెనక్కి మడిచి మేకులు కొట్టి ఉండవచ్చు, అందుకే వెనక చెక్క తీసి చూడండి.

టోపీ బ్యాడ్జీలో ఏనుగు, అడ్డంగా రెండు కత్తులు ఉంటే మద్రాస్ రెజిమెంటు. ఊళ్ళో ‘మద్రాసు పటాళం’ అంటే మద్రాస్ శాపర్లు కూడా కావచ్చు, వాళ్ళు ఇంజనీర్లు, వాళ్ళ సెంటరు బెంగళూరు అల్సూరులో. పదాతి దళమైన మద్రాస్ రెజిమెంటు సెంటరు నీలగిరుల్లో వెల్లింగ్టన్. ఫొటో వెనక కూనూరు స్టూడియో ముద్ర ఉంటే అది ట్రైనింగు నాటిది అనుకోవడానికి గట్టి కారణమే. ఉత్తరాల మీద ‘56 ఏపీఓ’ అని ఉంటే దాన్ని మ్యాపులో వెతక్కండి, అది ఢిల్లీ మీదుగా వెళ్ళే సైనిక తపాలా. ‘99 ఏపీఓ’ కలకత్తా మీదుగా తూర్పు వైపుకి. 71 నాటి కవరు మీద 99 ఉంటే పూర్వీ స్టార్ వైపు మొగ్గవచ్చు.

నాన్న ఉంటే

రెండు మూడు ఫొటోలకి మించి ఒక పూట చూపించకండి. ఫోను రికార్డరు ఎదురుగానే పెట్టండి. ‘యుద్ధంలో ఏం జరిగింది నాన్నా’ అంటే ‘ఏముందిరా’ అని ఊరుకుంటారు. ‘ఈ మగ్గులో ఏం పోశారు, లంగర్‌లో వంటవాడు ఎవరు, పక్కనున్నాయన్ని ఏమని పిలిచేవాళ్ళు’ అని అడగండి, మాట అదే సాగుతుంది. ముద్దుపేరు, ఊరు, కంపెనీ అక్షరం వెంటనే రాసుకోండి. ఫొటో వెనక రాయాలంటే 4బి లేదా 6బి పెన్సిల్‌తో అంచున తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ నొక్కు ముందు వైపుకి తేలుతుంది. వెనక ప్లాస్టిక్‌లా నున్నగా ఉన్న ఫొటోల మీద పెన్సిల్ పడదు, కవరు మీద రాయండి.

రికార్డు ఆఫీసుకి ఉత్తరం

జవాన్ల, జేసీఓల సర్వీసు కాగితాలు ఆయా రెజిమెంటు రికార్డు ఆఫీసులో ఉంటాయి, ఆఫీసర్లవి ఢిల్లీ ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌లో. నంబరు, ర్యాంకు, పేరు, తండ్రి పేరు, భర్తీ నాటి ఊరు, చేరిన, విడుదలైన తేదీలు రాసి, డిశ్చార్జి బుక్కు నకలు, మీ బంధుత్వ రుజువు, ఆయన లేకపోతే మరణ ధ్రువపత్రం జత చేసి స్పీడ్ పోస్టులో పంపండి. ‘అన్ని వివరాలూ ఇవ్వండి’ అని రాస్తే పొడిపొడి జవాబు వస్తుంది. ఏ బెటాలియన్లలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ పతకాలు మంజూరయ్యాయి, గాయాల నమోదు ఉందా అని విడివిడిగా అడగండి. జిల్లా మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే చిరునామా తప్పదు. జవాబు రాకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. వ్యక్తిగత సమాచారం అంటూ నిరాకరించే వీలుంది కాబట్టి బంధుత్వ రుజువు అక్కడా జతచేయండి.

రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయినవారైతే దారి వేరు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో పేరుతో వెతకండి. చెన్నై నందంబాక్కంలోని మద్రాస్ వార్ సెమెటరీకి వెళ్ళి సమాధి కోసం తిరిగేకంటే అదే మేలు. బర్మాలో పోయి, సమాధి లేని మనవాళ్ళ పేర్లు చాలామటుకు రంగూన్ స్మారకం గోడల మీద ఉన్నాయి. స్వాతంత్ర్యం తర్వాతి అమరుల పేర్లకి ఢిల్లీ నేషనల్ వార్ మెమోరియల్ చూడండి.

పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ళ సర్వీసు కాగితాలు 25 ఏళ్ళు దాటాక తీసేస్తారు. 1962 తర్వాత చేరి అయిదారేళ్ళకే విడుదలైనవాళ్ళ పిల్లలకి ‘డాక్యుమెంట్లు ధ్వంసం చేయబడినవి’ అన్న జవాబు రావడం అందుకే. అక్కడితో ఆగకండి. ‘లాంగ్ రోల్’లో ఉన్న నమోదు నకలు కావాలని రెండో ఉత్తరం రాయండి, అది సర్వీసు కాగితాలు పోయాక కూడా ఉంచే రిజిస్టరు. ఒక్క వరుసే ఉంటుంది, కానీ చేరిన తేదీ, విడుదలైన తేదీ అందులో దొరికితే 03-07 నంబరు ఫొటో ఏ యుద్ధం నాటిదో తేల్చడానికి చాలాసార్లు అది సరిపోతుంది.