నటనను చూడటం నేర్చుకుందాం – 5వ పాఠం: ఒకే పాత్ర, రంగస్థలం మీద, తెర మీద

గత పాఠంలో తెరకు వీపు తిప్పి కూర్చుని, నటుడి స్వరాన్ని మాత్రమే వినడం సాధన చేశాం. ఈ పాఠంలో మరో మెట్టు ఎక్కుదాం. ఒకే నటుడు ఒకే పాత్రను మొదట రంగస్థలం మీద, తరువాత తెర మీద పోషించినప్పుడు అతని నటనలో ఏది మారుతుందో, ఏది మారకుండా నిలుస్తుందో గమనించి, దానిని నాలుగు వాక్యాల్లో స్పష్టంగా రాయగలగడం ఈ పాఠం నేర్పే విద్య. దీనికి నేను ఎంచుకున్న నటుడు డెంజెల్ వాషింగ్టన్. అమెరికన్ తెర మీద పెద్ద తార అయ్యాక కూడా నాటకాన్ని వదలనివాడు కావడం ఒక కారణమైతే, ఒకే నాటకాన్ని దాదాపు అదే నటబృందంతో వేదిక మీదా తెర మీదా ఆడి, పోల్చి చూసుకునే వీలు మనకు కల్పించినవాడు కావడం అంతకన్నా పెద్ద కారణం.

ముందుగా ఆయన నడిచిన దారిని కొద్దిగా తెలుసుకోవాలి. 1954 డిసెంబరు 28న న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ వెర్నన్‌లో పుట్టిన వాషింగ్టన్, ఫోర్డమ్ విశ్వవిద్యాలయంలో 1977లో పట్టా పుచ్చుకున్నాడు. షేక్‌స్పియర్ నాటకంలోని ఒథెల్లో పాత్రను ఆయన తొలిసారి ధరించింది అక్కడ విద్యార్థిగా ఉన్నప్పుడే. తరువాత శాన్‌ఫ్రాన్సిస్కోలోని అమెరికన్ కన్సర్వేటరీ థియేటర్‌లో కొంతకాలం శిక్షణ పొంది, న్యూయార్క్‌కు తిరిగివచ్చి, నల్లజాతి నాటకకర్తలకూ నటులకూ ఆలంబనగా నిలిచిన నీగ్రో అన్‌సాంబుల్ కంపెనీ ప్రదర్శించిన 'ఎ సోల్జర్స్ ప్లే'లో 1981లో నటించాడు. అదే ఏడాది మరో చిన్న నాటకంలో నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ పాత్ర ధరించాడు. స్పైక్ లీ దర్శకత్వంలో 1992లో వచ్చిన 'మాల్కం ఎక్స్' చిత్రంలో మనం చూసే ఆ నాయకుడి నడక, వేలు చూపే తీరు, మాటకు ముందు ఆగే తీరు పదకొండేళ్ల కిందటే వేదిక మీద మొలకెత్తాయని దీనివల్ల తెలుస్తుంది. 1982 నుంచి 1988 వరకు 'సెయింట్ ఎల్స్‌వేర్' అనే టెలివిజన్ ధారావాహికలో డాక్టర్ చాండ్లర్‌గా కనిపించాడు. ఆ ఆరేళ్లు జీతంతోపాటు కెమెరా ముందు పొదుపుగా ఉండే అలవాటును కూడా ఆయనకు ఇచ్చాయని నా అభిప్రాయం.

ఇక సాధనలోకి వద్దాం. భరతుడు అభినయాన్ని ఆంగికం (శరీర కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషధారణ), సాత్త్వికం (లోపలి భావం పైకి రావడం) అని నాలుగుగా విభజించిన సంగతి రెండో పాఠంలో చెప్పుకున్నాం. పాశ్చాత్య నటనను చూసేటప్పుడు కూడా ఈ విభజన చక్కగా పనికివస్తుంది, ముఖ్యంగా సాత్త్వికం దగ్గర. కన్నీరు, చెమట, స్వరం మారడం, శరీరం స్తంభించిపోవడం వంటివి నటుడు పైనుంచి తెచ్చి అతికించుకోగలిగినవి కావు, లోపలి స్థితి పండితేనే పైకి వస్తాయి. నాటకశాలలో ఇరవయ్యో వరుసలో కూర్చున్నవాడికి కన్నీటి చుక్క కనిపించదు. అందువల్ల వేదిక మీది నటుడు సాత్త్వికాన్ని స్వరంలోకీ, భుజాల్లోకీ, నిలబడే తీరులోకీ మార్చి చూపవలసి వస్తుంది. కెమెరాకు ఆ అవసరం లేదు.

మొదటి అభ్యాసం 'గ్లోరీ' (1989) చిత్రంలోని కొరడా దెబ్బల సన్నివేశం. అమెరికా అంతర్యుద్ధ కాలంలో నల్లజాతి సైనికులతో ఏర్పడిన 54వ మసాచుసెట్స్ దళంలో ట్రిప్ అనే సైనికుడిగా వాషింగ్టన్ నటించాడు. శిబిరం విడిచి వెళ్లినందుకు అతన్ని అందరి ఎదుట కొరడాతో కొట్టిస్తారు. చొక్కా విప్పగానే వీపు మీద పాత బానిసత్వపు మచ్చలు బయటపడతాయి. అతను వెళ్లింది బూట్ల కోసమని సేనాధిపతికి తెలిసేది ఆ తరువాతే. ఈ సన్నివేశంలో ట్రిప్‌కు సంభాషణ లేదు. మొదటిసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. అతని చూపు ఎక్కడ ఉందో, దెబ్బ పడినప్పుడు ముఖంలో ఏది కదులుతుందో, ఏది కదలడానికి నిరాకరిస్తుందో గమనించండి. రెండోసారి శబ్దంతో చూడండి. చెంప మీదికి జారే ఆ ఒక్క కన్నీటి చుక్క గురించి చాలామంది రాశారు. కానీ మీ పుస్తకంలో రాయవలసింది కన్నీరు వచ్చిందని కాదు. ఆ కన్నీటికీ, తలవంచని ఆ చూపుకూ మధ్య జరుగుతున్న పోరు గురించి రాయండి. ఏడుపును ఆపుకోవడానికి ప్రయత్నిస్తున్న మనిషిని చూపడం, ఏడుస్తున్న మనిషిని చూపడం కన్నా ఎంత కష్టమో ఇక్కడ తెలుస్తుంది. ఈ పాత్రకే ఆయనకు ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చింది.

దీని పక్కన 'ట్రెయినింగ్ డే' (2001) మొదట్లో వచ్చే ఉపాహారశాల సన్నివేశాన్ని పెట్టుకుని చూడండి. అవినీతిపరుడైన పోలీసు అధికారి అలాంజో దినపత్రిక చదువుతుంటాడు. ఆ రోజే అతని దగ్గర పనిలో చేరవలసిన యువకుడు, అంటే ఈథన్ హాక్ పాత్ర, ఎదురుగా కూర్చుని మాట కలపబోతాడు. అలాంజో పత్రిక నుంచి తల ఎత్తడు. ఆ ఒక్క నిరాకరణతోనే ఆ బల్ల దగ్గర పెద్దరికం ఎవరిదో తేలిపోతుంది. ఉత్తమ నటుడి ఆస్కార్ తెచ్చిన ఈ పాత్రలో ప్రేక్షకులకు గుర్తుండేది చివర్లో వీధి మధ్య అతను వేసే కేకలే అయినా, నేర్చుకునేవాళ్లకు ఈ పత్రిక చదివే నిమిషాలే విలువైనవి.

ఇప్పుడు ఈ పాఠానికి గుండెకాయ అయిన 'ఫెన్సెస్' దగ్గరికి వద్దాం. ఆగస్ట్ విల్సన్ రాసిన ఈ నాటకానికి 1987లో పులిట్జర్ బహుమతి లభించింది. 1950ల పిట్స్‌బర్గ్‌లో, చెత్త ఎత్తే బండి మీద పనిచేసే ట్రాయ్ మాక్సన్ అనే యాభై మూడేళ్ల మనిషి కథ ఇది. యువకుడిగా నల్లజాతి లీగుల్లో గొప్ప బేస్‌బాల్ ఆటగాడు. తెల్లవాళ్ల పెద్ద లీగుల తలుపులు నల్లవాళ్లకు తెరుచుకునే నాటికి అతని వయసు దాటిపోయింది. ఆ చేదును కొడుకు మీదా, భార్య రోజ్ మీదా కక్కుతూ బతుకుతాడు. నాటకమంతా ఇంటి పెరట్లోనే జరుగుతుంది.

1987లో న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వే మీద ట్రాయ్‌గా నటించి, అక్కడి నాటకాలకు ఇచ్చే టోనీ పురస్కారం అందుకున్నవాడు జేమ్స్ ఎర్ల్ జోన్స్. ట్రాయ్‌ని భారీ మనిషిగా, మొద్దుబారిన బరువైన చేతులు గలవాడిగా నాటకకర్తే వర్ణించాడు. జోన్స్ ఆకారమూ గొంతూ ఆ వర్ణనకు అచ్చంగా సరిపోయాయి. 2010లో కెన్నీ లియన్ దర్శకత్వంలో అదే పాత్రను వాషింగ్టన్ బ్రాడ్‌వే మీద తలకెత్తుకున్నప్పుడు ఆయనకు ఆ కొండలాంటి ఆకారం లేదు. అందుకు బదులుగా ఆయన దగ్గర ఉన్నది వేగం, హాస్యం, ఎదుటివాడిని మాటలతో కట్టిపడేసే చనువు. మొదటి అంకంలో ట్రాయ్ చావుతో కుస్తీ పట్టానని చెప్పే కట్టుకథను ఆయన నవ్విస్తూ చెప్పి, ప్రేక్షకులను ముందు తనవైపు తిప్పుకుంటాడు. వాళ్లు అతన్ని ఇష్టపడ్డాకే అతని క్రూరత్వం బయటికి వస్తుంది. ఒక పాత్రకు నటుడి శరీరం సరిపోనప్పుడు అతను దారి ఎలా మార్చుకుంటాడో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ ప్రదర్శనకు వాషింగ్టన్‌కూ, రోజ్‌గా నటించిన వయోలా డేవిస్‌కూ టోనీలు వచ్చాయి.

ఆరేళ్ల తరువాత, 2016లో, వాషింగ్టనే దర్శకుడై దీనిని చిత్రంగా తీశాడు. చిత్రానువాదం విల్సన్‌దే. ఆయన 2005లో మరణించేలోపే రాసిపెట్టాడు. వయోలా డేవిస్‌తోపాటు స్టీఫెన్ మెకిన్లీ హెండర్సన్, మైకెల్టీ విలియమ్సన్, రస్సెల్ హార్న్స్‌బీ కూడా వేదిక నుంచి తెరకు వచ్చారు. పెద్ద పాత్రల్లో మారింది చిన్న కొడుకు కోరీ మాత్రమే. ఆ పాత్రలో జోవన్ అడెపో నటించాడు. బ్రాడ్‌వే ప్రదర్శన పూర్తి దృశ్యరూపం మనలాంటివాళ్లకు అందుబాటులో ఉండదు కనుక, అచ్చులో దొరికే నాటక పాఠాన్ని ముందు చదివి, ప్రతి రంగసూచన దగ్గర ఆగి, పెరట్లో ఎవరు ఎక్కడ నిలబడి ఉంటారో కాగితం మీద గీసుకోండి. ఆ తరువాతే చిత్రం చూడండి. తారుమారు చేస్తే మీ ఊహను వాషింగ్టన్ ముఖం ఆక్రమించేస్తుంది. ఇక నాటకాన్ని మీ అంతట మీరు చూడలేరు.

మొదట కోరీతో జరిగే సంభాషణను తీసుకోండి. నేనంటే నీకెందుకు ఇష్టం లేదని కొడుకు అడుగుతాడు. ఇష్టపడాలని ఏ చట్టంలో రాసి ఉందని తండ్రి తిరిగి అడుగుతాడు. తిండి పెట్టేది, బట్ట కట్టించేది, కప్పు కింద ఉంచేది ఇష్టంతో కాదు, బాధ్యతతో అని పాఠం చెప్పినట్టు చెబుతాడు. కాగితం మీద ఇది ఒక సుదీర్ఘ ప్రసంగం. చిత్రంలో దీనిని మూడుసార్లు చూడండి. మొదటిసారి తండ్రినే చూడండి. రెండోసారి కొడుకునే చూడండి, తండ్రి తెర మీద ఉన్నా సరే మీ ధ్యాస కొడుకు మీదే నిలపండి. మూడోసారి ఇద్దరి మధ్య దూరాన్ని చూడండి. ఎవరు ఎప్పుడు అడుగు ముందుకు వేశారు, ఎవరు వేయలేదు? ప్రశ్న వినగానే తండ్రి ఎంతసేపు ఆగాడు? ఆ విరామంలో అతనికి కోపం వచ్చిందా, భయం వచ్చిందా? నా మటుకు నాకు అందులో భయమే కనిపిస్తుంది. కాదని మీరు వాదించవచ్చు, అయితే ఏ క్షణాన్ని చూసి అలా అనుకుంటున్నారో రాయాలి.

రెండోది రెండో అంకంలో ట్రాయ్ తన తప్పు ఒప్పుకునే సన్నివేశం. వేరే స్త్రీ తన వల్ల గర్భవతి అయిందని భార్యకు చెబుతాడు. ఆ మాట బయటపడిన క్షణంలోనే, యుద్ధంలో తల దెబ్బతిన్న తమ్ముడు గేబ్రియల్ పువ్వు పట్టుకుని లోపలికి వస్తాడు. నాటకకర్త ఎంత నిర్దయగా ఆ విరామాన్ని అక్కడ పెట్టాడో చూడండి. భార్యాభర్తలిద్దరూ ఆ అమాయకుడి ముందు మామూలుగా ఉండవలసి వస్తుంది. తరువాత ట్రాయ్ తనను సమర్థించుకోవడానికి బేస్‌బాల్ భాషలోకి జారుకుంటాడు. ఆ ఆటలో పరుగు తీసేవాడు ఒకదాని తరువాత ఒకటిగా చేరవలసిన మజిలీలే బేస్‌లు. పద్దెనిమిదేళ్లు మొదటి బేస్ మీదే నిలబడిపోయాననీ, రెండో బేస్‌కు పరుగు తీయాలనిపించిందనీ అంటాడు. నేనూ నీ పక్కనే నిలబడి ఉన్నానని రోజ్ బదులిస్తుంది.

వేదిక మీద ఇక్కడ ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు, ఎవరిని చూడాలో ప్రేక్షకుడి ఇష్టం. తెర మీద ఆ ఇష్టం దర్శకుడిది. ఇక్కడ దర్శకుడు, నటుడు ఒక్కడే. అయినా వాషింగ్టన్ ఈ సన్నివేశాన్ని తనకోసం దాచుకోలేదు. కెమెరాను రోజ్ ముఖం మీద నిలిపాడు. కన్నీళ్లూ ముక్కూ తుడుచుకోకుండా డేవిస్ మాట్లాడే ఆ నిమిషాల్లో తాను వినేవాడిగా ఉండిపోయాడు. తార హోదా ఉన్న నటుడు చేసే పని కాదిది, నాటకం నుంచి వచ్చినవాడు చేసే పని. ఆ ఏడాది ఆస్కార్ డేవిస్‌కు వచ్చింది, ఉత్తమ నటుడిగా ప్రతిపాదన దగ్గరే ఆయన ఆగిపోయాడు.

చిత్రం మొత్తం ఇంత బాగుందని నేను అనను. మొదటి అరగంటలో ట్రాయ్ మాటల ధాటి పెద్ద హాలు చివరి వరుస కోసం కట్టిన కొలతల్లోనే ఉండిపోయింది, దగ్గరి షాట్లలో అది చెవికి కొంత బరువుగా తగులుతుంది. పెరడు దాటి చెత్తబండి మీదికీ, వీధిలోకీ, వంటింట్లోకీ కథను తిప్పడంలో వంటింటి సన్నివేశాలు బాగా అమరాయి, బయటివి అంతగా అమరలేదు. పెరడు ఇరుకుగా ఉండటమే ట్రాయ్ ఊపిరాడనితనానికి మూలం. దానిని విశాలం చేసినప్పుడల్లా ఆ ఒత్తిడి కాస్త సడలిపోతుంది. మన పద్యనాటకాలను తొలి రోజుల్లో సినిమాలుగా తీసినప్పుడు కూడా రాగం తీసే నిడివి దగ్గర ఇలాంటి చిక్కే వచ్చింది, కానీ అది వేరే పాఠం.

ఫెన్సెస్ తరువాత కూడా ఆయన వేదికను వదలలేదు. 2018లో యూజీన్ ఓనీల్ 'ది ఐస్‌మ్యాన్ కమెత్'లో హికీగా, 2025లో డెబ్బై ఏళ్ల వయసులో బ్రాడ్‌వే మీద ఒథెల్లోగా నటించాడు. మధ్యలో 2021లో జోయెల్ కోయెన్ తీసిన నలుపు తెలుపుల మాక్బెత్ చిత్రం వచ్చింది. షేక్‌స్పియర్ పంక్తులను అందులో ఆయన చాలా చోట్ల తనలో తాను గొణుక్కుంటున్నట్టు పలుకుతాడు. ఇవే వేదిక మీద అయితే ఆ మాటలు మూడో వరుస దాటవు. ఈ ఒక్క తేడాను గుర్తుపెట్టుకుని ఆ చిత్రంలోని ఏ స్వగతాన్నైనా ఎంచుకుని, మీరే గది ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేలా బిగ్గరగా ఒకసారి, పక్కన కూర్చున్నవాడికి మాత్రమే వినబడేలా ఒకసారి చదివి చూడండి. ఏ పదాల దగ్గర ఊపిరి చాలలేదో గుర్తు పెట్టుకోండి.

ఈ వారం ఇంటిపని. ఫెన్సెస్‌లోని ఒప్పుకోలు సన్నివేశంలో ట్రాయ్ మాట్లాడని క్షణాలను మాత్రమే ఏరి, ఒక్కో క్షణానికి రెండు వాక్యాలకు మించకుండా, చూపు, ఊపిరి, చేతులు, దూరం అనే నాలుగింటిలో కనీసం ఒకటి ప్రస్తావిస్తూ రాయండి. 'అద్భుతంగా నటించాడు' వంటి మాట ఎక్కడ వచ్చినా కొట్టేయండి. ఆరో పాఠంలో ఇదే సన్నివేశాన్ని రోజ్ వైపు నుంచి, అంటే వయోలా డేవిస్ రెండు ప్రదర్శనల కోణంలో పరిశీలిస్తాం కనుక ఈ కాగితాలను దాచి ఉంచండి.